ఒక పూట ఆగే ఊరి గురించి: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

ఇటలీలోని పాడోవా మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. ఇబ్బందల్లా ఏమిటంటే, అందులో ఊరు ఉంది గానీ అక్కడ ఆగే మనిషి లేడు. నీ పాఠకుడు ఆ ఊళ్ళో వారం రోజులు ఉండటానికి రావడం లేదు. మిలాన్‌లోనో వెరోనాలోనో కారు అద్దెకు తీసుకుని వెనిస్ వైపు పోతూ మధ్యలో ఒక పూట ఆగుతున్నాడు. సామాను డిక్కీలో ఉంది, పిల్లలకు ఆకలేస్తోంది, చీకటి పడేలోగా హోటల్ చేరాలి. ఆ ఒక్క పూటనే కళ్ళముందు పెట్టుకుని మొత్తం తిరగరాయి.

ముందు జరపడానికి వీల్లేని గంట ఏదో పట్టుకో. పాడోవాలో అది, చిత్రకారుడు జొట్టో గోడలనిండా బొమ్మలు వేసిన చిన్న ప్రార్థనా మందిరం స్క్రోవెన్యీ చాపెల్ టికెట్ మీద అచ్చయిన టైము. మిగతావన్నీ దానికి అటూ ఇటూ సర్దుకోవాల్సిందే. నువ్వేమో చాపెల్‌ను ఆరో పేరాలోకి తోసి, "ముందే బుక్ చేసుకుంటే మంచిది" అన్నావు. మంచిది కాదు, తప్పనిసరి. విడతకు ఇరవై అయిదు మందికి మించి పంపరు. ముందు ఒక అద్దాల గదిలో 15 నిమిషాలు కూర్చోబెడతారు, ఆ తర్వాత చాపెల్ లోపల 15 నిమిషాలే. స్లాటుకు అయిదు నిమిషాల ముందే ద్వారం దగ్గర ఉండాలి. ఆలస్యమైతే ఆ స్లాటు పోయినట్టే. సెలవు రోజుల్లో తర్వాతి స్లాటు దొరుకుతుందని ఎవరూ ఆశ పెట్టుకోకూడదు.

ఆ అద్దాల గది ఎందుకో కూడా రాయి. కారణం తెలిసినవాడు ఆ పావుగంట విసుక్కోడు. మనుషుల ఊపిరిలోని తేమ, వీధిలోని పొగలో ఉండే గంధకం కలిస్తే గోడమీది సున్నపు పూత జిప్సంగా మారుతుంది. అప్పుడది పొడిపొడిగా రాలుతుంది, దానితోపాటు బొమ్మా రాలుతుంది. అందుకే 2000లో ఆ గది కట్టారు. బయటి తలుపు మూసుకున్నాకే లోపలి తలుపు తెరుచుకుంటుంది. మనతో వచ్చిన తేమా దుమ్మూ అక్కడే తగ్గుతాయి. అది అయ్యాక బొమ్మలన్నీ శుభ్రం చేసి, 2002లో చాపెల్‌ను మళ్ళీ తెరిచారు.

ఇక కారు సంగతి. "ఇటలీలో డ్రైవింగ్ కాస్త జాగ్రత్త" అని ఒక్క ముక్కలో దాటేశావు. ఎవరి కోసం రాస్తున్నామో వాళ్ళకు డబ్బు నష్టం జరిగేది సరిగ్గా ఇక్కడే. పాత ఊళ్ళ నడిబొడ్డంతా జెడ్‌టీఎల్, అంటే అనుమతి ఉన్న బళ్ళకే ప్రవేశం. గేటు ఉండదు, పోలీసు ఉండడు, ఆపేవాడే ఉండడు. పైన కెమెరా నంబరు ప్లేటు ఫొటో తీసుకుంటుంది, అంతే. బోర్డు మీద "వార్కో అత్తీవో" అని ఎర్రగా వెలిగితే "దారి తెరిచే ఉంది" అనుకుని లోపలికి దూరేవాళ్ళు చాలామంది. అసలు అర్థం తిరకాసు: ఆంక్ష అమల్లో ఉందని, వెళ్ళొద్దని. "నాన్ అత్తీవో" అని ఉంటేనే వెళ్ళాలి. దారి తప్పి రెండుసార్లు దూరితే రెండు జరిమానాలు. అద్దె కంపెనీ మన వివరాలు వాళ్ళకు ఇచ్చినందుకు ముందు తన రుసుము కార్డులోంచి కోసేస్తుంది. అసలు నోటీసు నెలల తర్వాత ఇంటికొస్తుంది, విదేశీయులకు పంపడానికి చట్టం 360 రోజుల దాకా గడువిచ్చింది. నోటీసు అందిన అయిదు రోజుల్లోపు కడితే 30 శాతం తగ్గింపు ఉంటుంది.

తప్పించుకునే ఉపాయం చిన్నది, నీ వ్యాసంలో లేనిదీ అదే. నావిగేషన్‌లో చాపెల్ పేరు కొట్టకూడదు, పార్కింగ్ పేరు కొట్టాలి. పాడోవాకు దక్షిణాన, ప్రాతో దెల్లా వల్లె మైదానం పక్కన పియాజ్జా రబీన్‌లో పెద్ద పార్కింగ్ ఉంది. అక్కడ కారు పెట్టి ట్రామెక్కితే చాపెల్ ఉన్న ఎరెమితాని దగ్గర దిగొచ్చు. ఎక్కేముందే టికెట్ కొనాలి, ఎక్కగానే దాన్ని మెషిన్‌లో నమోదు చేయాలి. శనివారం ప్రాతో చుట్టూ పెద్ద సంత జరుగుతుంది. ఆ రోజు వచ్చేవాళ్ళకు ఊరి అంచున, ఉత్తరాన పోంతెవిగొదార్జెరేలోని ట్రాము చివరి స్టాపు చెప్పు. రోడ్డు పక్కన ఆపితే గీతల రంగు చూసుకోవాలి: నీలం డబ్బు కట్టేవాళ్ళకు, తెలుపు ఉచితం, పసుపు మనది కాదు. సీట్లమీద ఏదీ కనబడకుండా పెట్టమని తప్పక రాయి, చార్జర్ వైరు కూడా.

టోల్ రోడ్డు గురించి నాలుగు మాటలు చాలు. ఆకుపచ్చ బోర్డులు టోల్ రోడ్డువి, నీలం బోర్డులు మామూలు రోడ్డువి. ఎక్కేటప్పుడు తీసుకున్న చీటీ పోగొట్టుకుంటే ఆ దారిలో అన్నిటికంటే దూరపు చోటు నుంచి వచ్చినట్టు లెక్కగట్టి వసూలు చేస్తారు. దిగేచోట పసుపు రంగు టెలిపాస్ లైన్‌లోకి పోకూడదు, అది మన ఫాస్టాగ్ లాంటి పరికరం ఉన్న బళ్ళకు. పొరపాటున పోతే వెనక్కి తీయొద్దు, సాయం కోసం ఉన్న బటన్ నొక్కితే రసీదు వస్తుంది, 15 రోజుల్లోగా కట్టొచ్చు. వేగం 130, వాన పడుతుంటే 110. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చేవాళ్ళు ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకునే బయల్దేరాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకైతే అక్కడి వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ ఆఫీసులో ఇస్తారు. కౌంటర్లో అది అడక్కుండానే తాళాలు ఇచ్చేసే సందర్భాలుంటాయి. రోడ్డుమీద పోలీసు మాత్రం అడుగుతాడు.

ఇప్పుడు ఆ 15 నిమిషాలు. వ్యాసంలో నీ బలమంతా చూపించాల్సింది ఇక్కడ. "అద్భుతమైన కుడ్యచిత్రాలు" అని వదిలేశావు. ఆ మాట ఇటలీలో ఏ చర్చికైనా సరిపోతుంది. జొట్టో వేసింది ఏమిటో, ఎటు తిరిగి చూడాలో చెప్పు. 1305లో ఆ చాపెల్‌ను ప్రతిష్ఠించారు. కట్టించిన ఎన్రికో స్క్రోవెన్యీ వడ్డీవ్యాపారి కొడుకు. ఆ తండ్రి పేరు వడ్డీ పాపానికి ఎంత గుర్తయిందంటే కవి దాంతే తన కావ్యంలో అతన్ని నరకంలో కూర్చోబెట్టాడు. పడమటి గోడమీద అంతిమ తీర్పు చిత్రంలో కింద చూడు, ఎన్రికో మోకాళ్ళ మీద కూర్చుని చాపెల్ నమూనాను మరియమ్మకు సమర్పిస్తున్నాడు. ఈ ఒక్క సంగతి తెలిసినవాడికి గోడలన్నీ వేరేగా కనిపిస్తాయి.

కథ చదివే దిశ తప్పకుండా చెప్పు. బలిపీఠం వైపు మొహం పెట్టి నిలబడితే కుడి గోడ పై వరసలో, బలిపీఠం వైపు చివర నుంచి మొదలవుతుంది. అక్కడినుంచి కుడి గోడ వెంట వెనక్కి, ఎడమ గోడ వెంట ముందుకి. మనం గుళ్ళో ప్రదక్షిణ చేసే దిశే, పైనుంచి కిందికి మూడు చుట్లు. మొదటి చుట్టు మరియమ్మ తల్లిదండ్రుల కథ, ఆమె కథ. రెండోది యేసు పుట్టుక, పరిచర్య. మూడోది ఆయన శ్రమలు, ఆ తర్వాతి సంగతులు. ఇది తెలియకపోతే పాఠకుడు మెడ ఎత్తి అటూ ఇటూ చూస్తుండగానే బయటికి పిలుస్తారు.

అన్ని చిత్రాలూ వర్ణించకు. రెండు చాలు, అవి దాదాపు ఎదురెదురుగా, కింది వరసలోనే ఉన్నాయి. కుడి గోడ మధ్యలో యూదా ముద్దు. యూదా పసుపు వస్త్రం యేసు ఒంటిని దాదాపు కప్పేస్తుంది, రెండు మొహాలు ముక్కుకు ముక్కు ఎదురుగా నిలుస్తాయి. చుట్టూ దివిటీలు, ఈటెలు నీలాకాశంలోకి లేస్తాయి, ఎడమవైపు పేతురు ప్రధానయాజకుని దాసుడి చెవి తెగనరుకుతున్నాడు. ఇంత గొడవలో కదలకుండా ఉన్నవి ఆ రెండు జతల కళ్ళే. ఎడమ గోడమీద, సిలువ నుంచి దింపిన యేసు చుట్టూ ఏడ్చేవాళ్ళ చిత్రం. ముందు కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు మనకు వీపు పెట్టి కూర్చున్నారు, వాళ్ళ మొహాలు కనిపించవు. వెనక రాతిగుట్ట ఏటవాలుగా దిగి, సరిగ్గా తల్లీకొడుకుల తలల దగ్గరికి మన చూపును తీసుకుపోతుంది. గుట్టమీద ఎండిన చెట్టొకటి. ఆకాశంలో దేవదూతలు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా ఏడుస్తున్నారు.

చాలాచోట్ల నీలి వస్త్రాలు రాలిపోయి ఉంటాయి, దానికీ కారణం రాయి. అజురైట్ నీలం పచ్చి సున్నంతో పొసగదు, అందుకే గోడ ఆరాక పైపూతగా వేస్తారు. మిగతా రంగులు సున్నంతో కలిసి గట్టిపడ్డాయి, ఈ నీలం మాత్రం పైనే ఉండి రాలింది. పిల్లలున్న కుటుంబాలకు గోడ అడుగున బూడిదరంగులో ఉన్న సద్గుణాలు, దుర్గుణాల బొమ్మలు చూపించు. కుడివైపు ఏడు గుణాలు, ఎడమవైపు ఏడు దోషాలు. అసూయ బొమ్మ దగ్గర ఆగమను: నిప్పుల్లో నిలబడి, ఒక చేత్తో డబ్బు సంచి పట్టుకుని ఉంటుంది, దాని నోట్లోంచి వచ్చిన పాము వెనక్కి తిరిగి దాని కళ్ళమీదికే పడగ ఎత్తుతుంది.

బయటికి రాగానే పక్కనే ఎరెమితాని చర్చి. 1944 మార్చి 11న బాంబులు దీనిమీద పడ్డాయి, అందులో చిత్రకారుడు మాంతెన్యా చిత్రించిన ఒవెతారి చాపెల్ ముక్కలైంది. ఏరిన ముక్కలను పాత నలుపు తెలుపు ఫొటోల ఆధారంగా వాటి స్థానాల్లో అతికించారు. కొద్ది దూరంలో జొట్టో గోడలు నిలిచాయి. రెండూ వెంటవెంటనే చూసినవాడికి గోడమీది బొమ్మ ఎంత తేలిగ్గా పోతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇటలీలో చర్చిలు మధ్యాహ్నం మూసే అలవాటుంది, కాబట్టి భోజనానికి ముందే ఇక్కడికి పంపు.

రోజు ఎలా సాగాలో ఒక నమూనా ఇవ్వు. స్లాటు పదకొండున్నర అనుకో. వెరోనా నుంచి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు, తొమ్మిదికి బయల్దేరితే పదింపావుకు పార్కింగ్ చేరొచ్చు. పదకొండుకల్లా చాపెల్ పక్కనున్న మ్యూజియం కౌంటర్లో టికెట్ తీసుకుని, సంచులు అక్కడే అప్పగించాలి. పన్నెండుకు చాపెల్ బయట. ఆ తర్వాత నడక అంతా దక్షిణానికే, అంటే తిరిగి కారు వైపుకే. దారిలో పాత న్యాయస్థాన భవనం పాలాజో దెల్లా రజోనే, దాని రెండు పక్కలా కూరగాయల, పండ్ల అంగళ్ళు. మామూలు రోజుల్లో ఒంటిగంట దాటితే సర్దేస్తారు. తర్వాత సంత్ అంతోనియో బాసిలికా, చివరికి ప్రాతో. అక్కడ కాలవ చుట్టూ 78 రాతి విగ్రహాలు, పిల్లలు పరిగెత్తడానికి పచ్చిక. 1545 నాటి బొటానికల్ గార్డెన్ బాసిలికా పక్కనే ఉంది, గంట మిగిలితేనే. విశ్వవిద్యాలయంలోని శరీరశాస్త్ర మందిరం గురించి ఈసారి రాయకు. గైడ్‌తోనే చూడాలి, ఆ టైము ఈ రోజుకు కుదరదు. వదిలేసిందేమిటో, ఎందుకో ఒక వాక్యంలో చెబితే పాఠకుడు నిన్ను నమ్ముతాడు.

బాసిలికా దగ్గర మన పాఠకుల్లో కొందరికి ప్రత్యేకమైన పని ఉంటుంది. తెలుగు క్యాథలిక్ కుటుంబాల్లో పాదువాపురి అంతోనివారంటే తెలియనివాళ్ళు తక్కువ, మంగళవారం ప్రార్థనలు ఆయన పేరనే జరుగుతాయి. ఆ పాదువా ఈ పాడోవాయేనని రాయి. 1231 జూన్ 13న ఆయన చనిపోయాడు. ఏటా ఆ తేదీన ఊరు యాత్రికులతో నిండిపోతుంది, కారులో ఆగి వెళ్ళేవాళ్ళు ఆ రోజు తప్పించుకుంటే మేలు. సమాధి వెనక రాతి పలకమీద చెయ్యి పెట్టి జనం నిశ్శబ్దంగా నిలబడతారు. అక్కడ ఫొటోలు తీయొద్దని నువ్వే గట్టిగా చెప్పాలి.

తిండి దగ్గర నీ పాత వాక్యం ప్రమాదకరం. "శాకాహారులకు బీగొలి ఇన్ సాల్సా బాగుంటుంది" అన్నావు. చూడ్డానికి ఉల్లిపాయ ముద్దే గానీ అందులో ఉప్పు చేపలు కరిగి ఉంటాయి. ఆ లావు సేమ్యా లాంటి బీగొలికి ఇంకో వాడుక జోడీ బాతు మాంసం. ఆ వాక్యం తీసేసి, టమాటా సాస్‌తో పాస్తా అడగమని, గుమ్మడి, పుట్టగొడుగుల వంటకాలుంటే మాంసం కలిసిందేమో కనుక్కోమని రాయి. మాంసం తినేవాళ్ళకు కూడా ఒక మాట: రజోనే కింది అంగళ్ళలో ఎండబెట్టి దారాల్లా చీల్చిన గుర్రపు మాంసం అమ్ముతారు, పేరు చదవకుండా కొనొద్దు. హోటళ్ళలో వంట రెండున్నరకు ఆగుతుంది, మళ్ళీ ఏడున్నరకే. మూడింటికి ఆకలేస్తే బార్లో (అక్కడ బార్ అంటే కాఫీ దుకాణమే) దొరికే చిన్న శాండ్‌విచ్చే గతి. బిల్లులో తలకు ఇంతని "కొపెర్తో" వస్తుంది, అది మోసం కాదు, కూర్చున్నందుకు వేసే రుసుము.

స్లాటు దొరకనివాళ్ళను నిరాశపరిచి వదలకు. కేథడ్రల్ పక్కన బాప్టిస్టరీలో జుస్తో దె మెనబువోయి 1370లలో వేసిన స్వర్గం గోపురం లోపలంతా కమ్ముకుని ఉంటుంది. వరసలు వరసలుగా పునీతులు, నడుమ క్రీస్తు. దానికీ టైము టికెట్టే, అయితే దొరికే అవకాశం ఎక్కువ. సోమవారం వచ్చేవాళ్ళకు ఇంకొకటి చెప్పు, చాపెల్ తెరిచే ఉంటుంది గానీ పక్క మ్యూజియం, రజోనే మూసి ఉంటాయి.

ధరలు రాస్తే ఏ నెలలో చూశావో పక్కనే రాయి. ఇటాలియన్ పేర్లు బోర్డు మీద చదివి గుర్తుపట్టేలా, పలికినట్టు ఒకే తీరులో తెలుగులో పెట్టు, ఒకచోట పాడువా ఇంకోచోట పాడోవా వద్దు. పంపేముందు ఎవరైనా కారు నడిపేవాళ్ళకు ఇచ్చి, మ్యాప్ తెరిచి నీ వ్యాసం ప్రకారం పార్కింగ్ నుంచి చాపెల్ దాకా వేలు పెట్టి నడవమను. ఎక్కడ వేలు ఆగితే అక్కడ ఒక వాక్యం తక్కువైనట్టు. అది సరిచేశాకే నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి