టెక్ సందేహాలు: పగడాల తొట్టికి ఇంకో లైటు కొనాలా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. ఇంట్లో 75 గ్యాలన్ల రీఫ్ ట్యాంక్, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి తొట్టి ఉంది. పొడవు 48 అంగుళాలు, ఎత్తు 21. నీటికి పది అంగుళాల పైన ఆక్వా ఇల్యూమినేషన్ కంపెనీ చిన్న లైట్లు, ఏఐ ప్రైమ్‌లు, రెండు పెట్టాం. మధ్యలో ఉన్న కోరల్స్ బాగానే ఉన్నాయి గానీ, రెండు చివర్లలో ఉన్నవీ, రాళ్ల పక్కన కిందకి ఉన్నవీ గోధుమ రంగుకు తిరుగుతున్నాయి. ఆన్‌లైన్‌లో 165 వాట్ల లైటు ఒకటి చవగ్గా కనిపిస్తోంది. అది తీసుకోనా, లేక సన్నటి ఎల్‌ఈడీ బార్ తీసుకోనా?

జవాబు: 165 వాట్ల దాన్ని కార్ట్‌లోంచి తీసేయండి. ఆ అంకె ఎక్కడిదంటే, 3 వాట్ల ఎల్‌ఈడీలు 55 బిగించారు కాబట్టి లెక్క కట్టి 165 అని రాసేశారు, అంతే. ప్లగ్ దగ్గర కొలిస్తే అంతకంటే బాగా తక్కువే వస్తుంది, ఎందుకంటే ఆ ఎల్‌ఈడీలకు పూర్తి కరెంటు ఇస్తే ఆ చిన్న డబ్బాలో పుట్టే వేడికి అవి ఎక్కువ కాలం ఉండవు.

పెట్టె మీద వేసే ల్యూమెన్లనైతే అసలు చూడనే చూడకండి. ల్యూమెన్ మన కంటికి కట్టిన కొలత. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పచ్చటి ఆకుపచ్చ దగ్గర, బాగా చూస్తుంది. ఆ రంగులో ఒక వాట్ వెలుగు 683 ల్యూమెన్లు. అదే ఒక వాట్ వెలుగు 450 నానోమీటర్ల నీలంలో ఉంటే పాతిక దాటి ఒకటో రెండో ల్యూమెన్లు, అంతే! మరి కోరల్‌లో కాపురం ఉండే జూక్సాంథెల్లే, అదే దానికి వండి పెట్టే సూక్ష్మ నాచు, ఎక్కువగా వాడుకునేది ఏమిటయ్యా అంటే సరిగ్గా ఆ 400 నుంచి 480 మధ్య ఉండే ఊదా, నీలం వెలుగే. అంటే ల్యూమెన్లు దండిగా ఉన్న లైటు మీ హాలుకి బాగుంటుంది, కోరల్‌కి పస్తే. ఫోన్‌లో లక్స్ యాప్ పెట్టి కొలిచి ‘వెలుగు చాలట్లేదు’ అని కంగారుపడే వాళ్ల సంగతీ ఇదే, నీలం లైటు కింద ఆ యాప్ ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

కొలవాల్సింది పార్, అంటే కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుగు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్‌ల కాంతి కణాలు పడుతున్నాయన్నది అందులో తెలుస్తుంది. మెత్తటి కోరల్స్‌కి సుమారు 50 నుంచి 150, పెద్ద నోళ్లుండే ఎల్‌పీఎస్ రకాలకు కూడా దాదాపు అంతే, కొమ్మల్లా పెరిగే ఎస్‌పీఎస్ రకాలకు 200 నుంచి 350 దాకా కావాలని పెంచేవాళ్లు చెబుతారు. అపోజీ ఎంక్యూ-510 లాంటి నీళ్లలో ముంచే మీటరు కొనాలంటే ఐదారు వందల డాలర్లు, ఒక్కసారి వాడి బీరువాలో పెట్టే వస్తువుకి అంత దండగ. మీ దగ్గరి మెరైన్ అక్వేరియం సొసైటీల్లోనో, అక్వేరియం షాపుల్లోనో మీటరు అద్దెకు, అరువుకు ఇస్తారేమో అడగండి. దొరికితే వారాంతంలో తెచ్చుకుని ఇసుక మీద నాలుగు మూలలా, మధ్యలో, రాళ్ల పైన కొలిచి కాగితం మీద తొట్టి బొమ్మ గీసి అంకెలు వేసుకోండి. మీ తొట్టి గురించి ఏ రివ్యూ వీడియో చెప్పలేనిది ఆ కాగితం చెబుతుంది.

కానీ మీటరు కంటే ముందు రెండు పనులు. ఒకటి, నైట్రేట్, ఫాస్ఫేట్ టెస్ట్ చేయండి. కోరల్ గోధుమ రంగుకు తిరగడమంటే లోపల ఆ నాచు పెరిగిపోయిందని అర్థం; వెలుగు చాలక ఉన్న కాస్త వెలుగునీ ఒడిసిపట్టడానికి పెరిగినా అదే రంగు, నీళ్లలో ఎరువు ఎక్కువై పెరిగినా అదే రంగు. రెండోదైతే లైటు పెంచినందువల్ల రాళ్ల మీద నాచు బలుస్తుంది తప్ప కోరల్ బాగుపడదు. మధ్యలో ఉన్నవి బాగున్నాయని మీరే రాశారు కాబట్టి నా అనుమానం వెలుగు మీదే ఉంది, అయినా టెస్ట్ కిట్ మీ దగ్గర ఎటూ ఉంటుంది కదా.

రెండోది నాకు చాలా ఇష్టమైన పరీక్ష, పైసా ఖర్చు లేదు. జానెడు తెల్ల పీవీసీ పైపు ముక్క తీసుకుని, ఆ పాడైపోతున్న కోరల్ పక్కన ఇసుకలో నిలబెట్టండి. గది లైట్లన్నీ ఆపి పైపు నీడ చూడండి. రెండు వైపులా రెండు పలచటి నీడలు పడితే ఆ చోటికి రెండు లైట్లూ అందుతున్నాయి. ఒకే నల్లటి నీడ, అంచులు కత్తితో కోసినట్టు ఉంటే అక్కడికి ఒక లైటు మాత్రమే వస్తోంది, అదీ ఒక వైపు నుంచే. పైపే నీడలో ఉంటే ఇంకేం, రాయి అడ్డుపడుతోంది. చిన్న లైటులో ఎల్‌ఈడీలన్నీ అరచేయంత చోటులో కుక్కి ఉంటాయి కాబట్టి వెలుగు ఒక్క బిందువు నుంచి వచ్చినట్టే వస్తుంది. అందుకే కోరల్ నెత్తి మీద రంగు, పక్కలు మాత్రం వెలవెల. దీనికి మందు బలమైన లైటు కాదు, పొడవైన లైటు. ఉన్న రెండింటినీ ఇంకా పెంచితే మధ్యలో బాగున్నవి మాడి తెల్లబడతాయి, మూలలు మూలల్లాగే ఉంటాయి.

కాబట్టి బార్ తీసుకోండి, 36 నుంచి 46 అంగుళాల మధ్య పొడవుది. రీఫ్ బ్రైట్ ఎక్స్‌హెచ్‌ఓ, ఆర్ఫెక్ ఓఆర్3 లాంటివి ఈ పనికే చేసినవి. రంగు విషయంలో 450 దగ్గరి రాయల్ బ్లూ ప్రధానంగా, కాస్త 400-430 ఊదా కలిసినది చూసుకోండి. ఆ ఊదా ఎల్‌ఈడీలను చాలా కంపెనీలు ‘యూవీ’ అని అమ్ముతాయి గానీ అది కంటికి కనిపించే వెలుగే, అదనపు డబ్బు పెట్టేంత గొప్పేమీ లేదు. ఒక్క బారే కొనేటట్టయితే దాన్ని తొట్టి ముందు అంచున పెట్టి వెనక్కి కొంచెం వంచండి. మనం చూసేది కోరల్స్ ముందు భాగం, నీడ ఎక్కువగా పడేదీ అక్కడే. అందరూ అందం కోసం వెనక గోడ వైపు పెడతారు, అక్కడ దాంతో ప్రయోజనం సగమే.

పెట్టిన రోజే ఫుల్లు మీద వెలిగించకండి. డిమ్మర్ ఉంటే 40 శాతంతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో మెల్లగా పెంచండి. డిమ్మర్ లేని బార్ అయితే మొదటి వారం రోజుకి రెండు గంటలే, తర్వాత వారానికో గంట చొప్పున పెంచుతూ ఎనిమిది తొమ్మిది గంటల దగ్గర ఆపేయండి. ఏ కోరలైనా పాలిపోతుంటే పెంచడం ఆపండి, టెన్షన్ పడి రోజుకోసారి మార్చకండి, వాటికి స్థిరత్వమే ముఖ్యం. స్మార్ట్ ప్లగ్ పెడితే కరెంటు పోయి వచ్చాక పాత స్థితికి వచ్చే సెట్టింగ్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే రాత్రి రెండింటికి తొట్టి మధ్యాహ్నంలా వెలుగుతుంది! అడాప్టర్ తొట్టి పైన కాదు, పక్కన, వైరు ప్లగ్ కంటే కిందకు వంగి మళ్లీ పైకి వెళ్లేలా వేలాడదీయండి, నీళ్లు జారినా ప్లగ్‌లోకి కాకుండా నేల మీద పడతాయి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే జీఎఫ్‌సీఐ సాకెట్ తప్పనిసరి. ఉప్పు పొర నెలకోసారి తడిగుడ్డతో తుడవండి, లైటు ఆపేసి.

ప్రశ్న: దుబాయ్ నుంచి రాస్తున్నాను. మా రీఫ్ ట్యాంక్ కంటికి ఎంతో బాగుంటుంది, ఫోన్‌తో ఫొటో తీస్తే మొత్తం నీలం ముద్ద. పైగా వీడియోలో అడ్డంగా నల్ల గీతలు. ఫోన్ మార్చాలా?

జవాబు: ఫోన్ మార్చొద్దు, ఇది దాదాపు అన్ని ఫోన్లలోనూ జరుగుతుంది. వెలుగు రంగును కెల్విన్‌లలో చెబుతారు, అంకె పెరిగే కొద్దీ నీలం; తొట్టి లైటు 15,000, 20,000 కెల్విన్‌ల దాకా ఉంటే ఫోన్‌లో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ చాలావరకు పది వేల దగ్గరే ఆగిపోతుంది, మిగిలినదంతా నీలంగా మిగులుతుంది. లెన్స్ మీద క్లిప్‌లా తగిలించే నారింజ రంగు ఫిల్టర్ దొరుకుతుంది, అది వాడితే సగం సమస్య తీరిపోతుంది. లేదా ఫొటో తీసే నిమిషం పాటు లైట్ యాప్‌లో తెలుపు పెంచి, నీలం తగ్గించండి. ఎక్స్‌పోజర్ కొంచెం కిందకి లాగండి, లేకపోతే రంగు మాడిపోయి తర్వాత ఎడిటింగ్‌లో కూడా తిరిగి రాదు. గీతలంటారా, అవి డిమ్మర్ లైటును క్షణంలో వందల సార్లు ఆర్పి వెలిగించడం వల్ల పడేవి. ప్రో మోడ్‌లో షట్టర్ 1/60 లేదా ఇంకా నెమ్మదిగా పెడితే తగ్గుతాయి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాను. కోఠి గుజరాతీ గల్లీలో నీలం ఎల్‌ఈడీ స్ట్రిప్, డ్రైవర్ తీసుకుని నేనే లైటు చేసుకుని, కోరల్స్ పెంచాలని ఉంది. అవుతుందా?

జవాబు: లైటు సంగతి తర్వాత. రీఫ్ కట్టే గట్టి పగడాలు, సీ ఫ్యాన్లు, నల్ల పగడాలు మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులితో పాటు. షాపువాడు ‘ఏం కాదు సార్, అందరూ పెంచుతున్నారు’ అన్నా కేసు పడేది మీ మీద కూడా. ఎండిన ముక్క ఉన్నా తప్పే, వాస్తుకి మంచిదని ‘ఇంద్రజాల్’ పేరుతో ఫ్రేము కట్టి అమ్ముతారే, అది కూడా సీ ఫ్యానో, నల్ల పగడమో.

ఇక స్ట్రిప్: అలంకరణకి చేసిన రకంలో నీలం సాధారణంగా 460, 470 దగ్గర ఉంటుంది, వెలుగు కూడా పలచన, రెండడుగుల నీళ్ల అడుగున కోరల్‌కి చాలదు. సిలికాన్ తొడుగున్న స్ట్రిప్ అయినా కోసిన చోట, టంకం వేసిన చోట ఉప్పు గాలికి తుప్పు పట్టేస్తుంది. ఉప్పునీటి చేపలు మాత్రమే పెంచుకుంటానంటే మామూలు 6500 కెల్విన్ బార్ ఒకటి చాలు. నీళ్లు, దుమ్ము చొరబడని ఐపీ67 రేటింగ్ ఉన్నది, 24 వోల్టుల అడాప్టర్ విడిగా ఉండేది తీసుకోండి. నీలం స్ట్రిప్‌కి పెట్టాలనుకున్న డబ్బుతో నీళ్లలో మురికిని నురగతో లాగేసే మంచి స్కిమ్మర్ కొనండి.