బ్యానర్ సంగతి తర్వాత, ముందు గట్టు మీదకు వెళ్లు

అమ్మాయీ,

నది శుభ్రం చేసే కార్యక్రమానికి బ్యానర్ డిజైన్ చేయించి ఎలా ఉందో చెప్పమన్నావు. బాగుంది. కానీ దాంతో పాటు పంపిన జాబితా చూస్తే కాస్త టెన్షన్ వచ్చింది. కాలేజీ పిల్లలున్నారు, ఆఫీసుల వాళ్లున్నారు, ఫొటోలు తీసేవాడు కూడా ఉన్నాడు గానీ ఆ నది పక్కనే కాపురం ఉంటున్నవాళ్లలో ఒక్కరి పేరూ లేదు.

నేనూ మొదటిసారి ఇదే చేశాను కాబట్టి చెబుతున్నా. ఒక ఆదివారం రెండు వందల మందిమి దిగాం. మధ్యాహ్నానికల్లా చెత్తంతా మూటలు కట్టి గట్టు మీద వరసగా పేర్చి, ఫొటోలు దిగి ఇళ్లకెళ్లిపోయాం. తీసుకెళ్లాల్సిన లారీ ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. మంగళవారం రాత్రి గట్టి వాన. మూటలు పగిలి ఏరిందంతా మళ్లీ నీళ్లలోకే పోయింది. బుధవారం వెళ్లి చూస్తే ఒక పెద్దావిడ పొడుగాటి కర్రకి మేకు కొట్టి, తన గుమ్మం ముందుకు కొట్టుకొచ్చిన మా సంచుల్ని ఒక్కొక్కటే లాగుతోంది. "మళ్లీ ఎప్పుడొస్తారో ముందే చెప్పు నాయనా, ఆ రోజుకి నేను ఎక్కడికైనా పోతాను" అంది.

సిగ్గుతో చచ్చాననుకో. కానీ ఆ పూట ఆవిడ దగ్గర గంటసేపు కూర్చున్నందుకే అసలు పని మొదలైంది. ఏ కాలువలోంచి ఏ వేళకి నురగ వస్తుందో, ఏ మలుపులో పడగొట్టిన ఇళ్ల మట్టిని రాత్రిపూట తెచ్చి పోస్తారో అన్నీ ఆవిడకి నోటికొచ్చు. మేం రెండు నెలలు మ్యాపులు ముందేసుకుని తేల్చలేకపోయిన సంగతులవి.

అందుకని నువ్వు ముందు నాలుగైదు సాయంత్రాలు ఉత్త చేతులతో వెళ్లు. పనుల నుంచి వచ్చి జనం ఇళ్ల దగ్గరుండే వేళ చూసుకో. చెత్త వేయకూడదని పాఠం మాత్రం చెప్పకు, చెత్తబండి మీ సందులోకి వస్తుందా అని అడుగు. చాలాచోట్ల రాదు. బండి రాని సందుకి నదే చెత్తకుండీ, ఇందులో వాళ్ల తప్పు ఎంత, మన తప్పు ఎంత అన్నది నువ్వే ఆలోచించు.

ఇంకో భయం కూడా ఉంటుంది, అది పైకి చెప్పరు. నది బాగుపడితే ముందు మన ఇళ్లు పోతాయని. అది ఉత్త అనుమానమేమీ కాదు. సింగపూర్ నదిని 1977 నుంచి 1987 వరకు పదేళ్లు పట్టి శుభ్రం చేశారు, దానికోసం వేల కుటుంబాలను ఒడ్డు నుంచి వేరే ఇళ్లకు తరలించారు. కాబట్టి ఎవరైనా అడిగితే తెలిసింది తెలిసినట్టు చెప్పు. ఇళ్లకేమీ కాదని నీ చేతిలో లేని హామీ ఇచ్చావంటే, అది తేలిపోయిన రోజున మళ్లీ నీ మొహం చూడరు.

ఇక చెత్త విషయం. కంటికి కనిపించేది ప్లాస్టిక్, నదిని చంపేది ఎక్కువగా మురుగు. మురుగులోని మలినాన్ని తినే సూక్ష్మజీవులు నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని వాడేసుకుంటాయి. పాతిక డిగ్రీల దగ్గర శుభ్రమైన నీళ్లలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములు ఉంటుంది, అది 2 కంటే తగ్గితే చాలా రకాల చేపలు బతకవు. లండన్‌లో థేమ్స్ నదిని 1957లో జీవం లేని నదిగా తేల్చేశారు, మళ్లీ చేపలు తిరిగాయంటే మురుగు శుద్ధి కేంద్రాలు బాగుచేయబట్టే, ఒడ్డున కవర్లు ఏరినందుకు కాదు. కవర్లు ఏరొద్దని కాదు నేననేది. ఏరుతూ ఏరుతూ పైపులెక్కడున్నాయో చూడమంటున్నా.

చూసింది రాసి పెట్టండి, అదే మీ బలం. బోస్టన్‌లో చార్లెస్ నదికి 1995లో ప్రభుత్వ పర్యావరణ సంస్థ పిల్లలకిచ్చినట్టు మార్కులిస్తే డి గ్రేడ్ వచ్చింది. అక్కడి వాలంటీర్లు నెలనెలా నీళ్ల నమూనాలు పట్టి లెక్కలు రాశారు, మురుగు ఎక్కడ కలుస్తోందో వెతికి ఆపించారు, 2013కి ఎ మైనస్ దాకా వచ్చింది. మీకు అంత హంగు అక్కర్లేదు. రెండు వందల మీటర్ల ముక్క, ఒకే ఒక్క కాలువ తీసుకోండి. వారానికోసారి ఒకే చోట నిలబడి ఒకే కోణంలో ఫొటో, ఒక గాజుసీసాలో నీళ్లు, రంగు, వాసన, తేదీ. ఈ పుస్తకం గట్టు మీద వాళ్లింట్లోనే ఉండాలి, నీ లాప్‌టాప్‌లో కాదు. మునిసిపాలిటీ ఇంజనీరుగారి దగ్గరికి వెళ్లినప్పుడు కూడా మాట్లాడేది వాళ్లే, నువ్వు పక్కన కూర్చో. ఆయన్ని దొంగలా నిలదీయకండి, ఆయనకీ పైనుంచి డబ్బు తెచ్చుకోవడానికి మీ పుస్తకం పనికొస్తుంది. ఫ్యాక్టరీ పైపు అయితే మాత్రం గేటు దగ్గర గొడవలకి దిగొద్దు, రాతపూర్వకంగా కాలుష్య నియంత్రణ అధికారులకి ఇచ్చి రసీదు తీసుకో.

ఒక విషయంలో మాత్రం మొండిగా ఉండు. పిల్లల్ని నీళ్లలోకి దించకు. మందపాటి గ్లోవ్స్, బూట్లు లేనివాళ్లు గట్టు మీదే ఉండాలి. సూదులుంటాయి, గాజు పెంకులుంటాయి, ఎలుక మూత్రంతో వచ్చే జ్వరముంది. వాన పడిన మర్నాడు కార్యక్రమం వద్దు. మ్యాన్‌హోల్‌లోకి ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే దిగనివ్వకు, లోపలుండే విషవాయువు ఎక్కువైతే ముక్కుకి వాసన కూడా తెలియదు, వాసన పోయింది కదా అని దిగినవాడు పైకి రాడు.

లారీ ఎప్పుడొస్తుందో రాతలో తీసుకునే దాకా ఒక్క మూట కూడా కట్టొద్దు. బ్యానర్ ప్రింటుకి ఇంకా ఇవ్వకపోతే తేదీ తీసేయించు. ముందు వెళ్లి కూర్చుని రా, వాళ్లేమన్నారో నాకు రాయి, తిట్లతో సహా.