ఇంగ్లీషు ఎం.ఏ.లో చేరిన మనవరాలికి

అమ్మడూ,

ఆశీస్సులు. మొన్న ఆదివారం ఫోన్‌లో నువ్వు సరిగ్గా మాట్లాడలేదు. "బాగానే ఉంది తాతయ్యా" అంటూనే రెండుసార్లు ఆగిపోయావు. తర్వాత మీ నాన్న చెప్పాడు. క్లాసులో నోరు విప్పాలంటే టెన్షనట, పక్కన కూర్చునేవాళ్ళంతా కాన్వెంటు పిల్లలట, సెమిస్టర్ మొత్తానికీ గైడ్లు కొనేశావట. టెన్త్ దాకా తెలుగు మీడియం చదివి ఇందులో చేరడం తప్పేమోనని కూడా అన్నావట. నేనూ ఆ జడ్పీ స్కూలు బెంచీ మీంచి లేచి వచ్చినవాణ్ణే. ముప్పై నాలుగేళ్ళు ఈ సబ్జెక్టే చెప్పి రిటైరయ్యాను. ఫోన్‌లో చెప్తే "ఊఁ, ఊఁ" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

ముందు నా భాగోతం విను. ఎం.ఏ. మొదటి సంవత్సరం, రెండో వారం. మాస్టారు నన్ను లేపి ఓ పేరా చదవమన్నారు. అందులో అప్పు అనే అర్థమున్న మాట వచ్చింది. డి, ఇ, బి, టి. రాసిన అక్షరమల్లా పలకడం మనకి అలవాటు కదా, "డెబ్ట్" అని ఒత్తి మరీ చదివాను. క్లాసంతా గొల్లుమంది. మాస్టారూ నవ్వారు, అదింకా బాధ. ఆ తర్వాత ఆర్నెల్లపాటు నేను చెయ్యెత్తితే ఒట్టు.

చాలా ఏళ్ళకి తెలిసింది, ఆ బి అక్కడ పుట్టింది కాదని. ఫ్రెంచి నుంచి ఆ మాట వచ్చినప్పుడు అందులో బి లేదు. ఇంగ్లీషువాళ్ళు బి లేకుండానే రాసుకున్నారు, పలికారు. తర్వాత లాటిన్ మోజున్న పండితులు మూలం కనబడాలని బి తెచ్చి ఇరికించారు. జనం నోరు మాత్రం ఒప్పుకోలేదు. అప్పు అనే మాటలో బి కూడా అప్పు తెచ్చిందేనన్నమాట! ఆ రోజు నవ్వినవాళ్ళలో ఈ సంగతి ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. చిన్నప్పట్నుంచీ నోట్లో నానిన మాటని ఎవరూ ఆగి చూడరు. రోజూ గట్టు మీద సైకిలు తొక్కేవాడు గోదారి వంక చూడడు, చుట్టపుచూపుగా వచ్చినవాడు చూస్తాడు. నువ్వు ఇంగ్లీషుకి చుట్టానివి. అలాగే చదువు. ఇంటిమనిషిలా నటించకు.

వేమన పద్యాలని పోగేసి 1829లో అచ్చువేయించిన బ్రౌన్ దొరకి తెలుగు అమ్మభాషా? ఉద్యోగం కోసం వచ్చి నేర్చుకున్నాడు. ఆయన నిఘంటువు 1852లో వచ్చింది, నా బల్ల మీద ఇప్పటికీ ఉంది.

స్పెల్లింగుల గురించి బెంగ పెట్టుకోకు. 1476లో కాక్స్‌టన్ అనే ఆయన ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చులోకి వెళ్ళాక రాత మెల్లగా గట్టిపడింది, పలుకు మాత్రం పారుతూనే ఉంది. అచ్చుల ఉచ్చారణ ఆ రెండు మూడు వందల ఏళ్ళలో బాగా మారిపోయింది. కత్తీ, మోకాలూ అనే ఇంగ్లీషు మాటల మొదట్లో ఉన్న కె ని ఒకప్పుడు నిజంగానే పలికేవారు. మనకి మాత్రం లేదా? మీ ముత్తాత "గుఱ్ఱము" అని బండి ఱ పెట్టి రాసేవారు, పలకడం మాత్రం మామూలు ర లాగే. ఇలా కారణం తెలిస్తే స్పెల్లింగు దానంతటదే గుర్తుంటుంది.

ఇంకో సంగతి. నీ అసైన్‌మెంటు మీ నాన్న వాట్సాప్‌లో పంపాడు. అందులో ఎవరూ ఏదీ మొదలుపెట్టరు, అంతా "కమెన్స్" చేస్తారు. ఎవరూ అడగరు, "ఇంటరాగేట్" చేస్తారు. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక కోర్టుల్లో, కోటల్లో ఫ్రెంచి కూర్చుంది. పొలాల్లో పాత ఇంగ్లీషు మిగిలింది. పైన చర్చిలో, చదువుల్లో లాటిన్ ఎటూ ఉంది. అందుకే ఒకే పనికి మూడు మాటలుంటాయి, మూడింటికీ మూడు మర్యాదలు. ఇది మనకి కొత్తేం కాదు. నీళ్ళు, జలం. ఇల్లు, గృహం. "అమ్మా, జలము సేవించి గృహమునకు వచ్చెదను" అని నువ్వు మీ అమ్మతో అంటే ఎలా ఉంటుందో, నీ అసైన్‌మెంటు అలా ఉంది. కోప్పడకు. నా మొదటి పేపరు ఇంతకంటే ఘోరం.

ఇప్పుడు అసలు పని. రెండు వందల పేజీల రూళ్ళ నోట్సు ఒకటి కొను. ఎడం పేజీలో ఒక మంచి పేరా చూసి రాసుకో. కుడి పేజీలో దాన్ని తెలుగు చెయ్యి. ఎడం పేజీ మీద కాగితం అంటించి మూసేసి, వారం ఆగి, నీ తెలుగుని మళ్ళీ ఇంగ్లీషు చెయ్యి. అప్పుడు కాగితం తీసి పోల్చుకో. ఇది నా కనిపెట్టుడు కాదు. మొదటి ఎలిజబెత్ రాణికి చదువు చెప్పిన రోజర్ ఆస్కమ్ లాటిన్ నేర్చుకోవడానికి ఈ పద్ధతే చెప్పాడు. ఆయన పోయాక, 1570లో ఆ పుస్తకం అచ్చయింది. ఇంగ్లీషువాళ్ళు కూడా ఒకప్పుడు పరాయి భాష ముందు నీలాగే చేతులు కట్టుకు నిలబడ్డవాళ్ళే.

ఒక వాక్యంతో చూపిస్తాను. ఎడం పేజీలో "ది ఫెర్రీ హాడ్ లెఫ్ట్ బిఫోర్ వి రీచ్‌డ్ ది బ్యాంక్" అని ఉందనుకో. నువ్వు "మేం రేవుకి చేరేసరికి పంటు వెళ్ళిపోయింది" అని రాస్తావు. మంచి తెలుగే. వారం తర్వాత దీన్ని ఇంగ్లీషు చేస్తే ఏమొస్తుంది? నా పాత విద్యార్థులు చాలామంది "వెన్ వి రీచ్‌డ్ ది బ్యాంక్, ఎ ఫెర్రీ వెంట్" అని రాసేవారు. ఇక్కడ కూర్చో కాసేపు. తెలుగులో ఏది ముందో ఏది వెనకో "చేరేసరికి" అనే మాట మోస్తోంది. ఇంగ్లీషులో ఆ బరువు "హాడ్ లెఫ్ట్" మీద పడింది. దాన్ని తీసేస్తే మీరు చూస్తుండగా పంటు కదిలినట్టయింది. ఇక "ఎ", "ది". రేవులో నిలబడి "పంటు వెళ్ళిపోయింది" అంటే ఏ పంటో అందరికీ తెలుసు, మనకి వేరే గుర్తు అక్కర్లేదు. ఇంగ్లీషుకి కావాలి. నీకూ నాకూ తెలిసినదైతే "ది", వినేవాడికి కొత్తదైతే "ఎ". పూర్తి లెక్క ఇంతకంటే చాలా ఉంది కానీ సగం తప్పులు దీంతోనే పోతాయి. అదే వాక్యంలో మనం పోగొట్టుకున్నది కూడా చూడు. "మేం" అంటే నువ్వు లేవని, "మనం" అంటే నువ్వూ ఉన్నావని. ఇంగ్లీషు "వి"కి ఆ తేడా చేతకాదు. ఒక్క పంటు మీద ఇంత సరుకు! రోజుకి అయిదు వాక్యాలు చాలు, పేజీలు అక్కర్లేదు.

డిక్షనరీ మాత్రం ఇంగ్లీషు-ఇంగ్లీషుదే వాడు, అదీ బయటివాళ్ళ కోసం చేసింది. హార్న్‌బీ అనే ఆయన జపాన్‌లో పాఠాలు చెబుతూ, అక్కడి పిల్లల ఇబ్బందులు చూసి తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది, తర్వాత అదే ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పేరుతో ప్రపంచమంతా తిరిగింది. ఏ మాటకి బహువచనం ఉందో ఏ మాటకి లేదో అందులో గుర్తు వేసి ఉంటుంది. "అడ్వైస్"కి లేదు. ఈ ఉత్తరంలో ఇన్ని సలహాలున్నాయా, ఇంగ్లీషులో రాస్తే లెక్కకి అందవు.

ఉచ్చారణ గురించి ఎక్కువ చెప్పను. బస్సు, కారు, రైసు అని చివర అచ్చు తగిలించడం తగ్గించు. ఏ అక్షరం మీద బలం పడుతుందో విను. "ఫోటోగ్రాఫ్"లో మొదటిదాని మీద, "ఫొటాగ్రఫర్"లో రెండోదాని మీద. యాస ఉంటే ఉండనీ. స్కాట్లండువాడికి లేదా?

ఇక సాహిత్యం. గైడ్లు పారెయ్యమనను, డబ్బు పోసి కొన్నావు. అసలు పద్యం మూడుసార్లు పైకి చదివిందాకా గైడు తెరవకు, అంతే. ఎందుకో చెప్తా.

1819లో, కొద్ది వారాల తేడాతో, ఇద్దరు కుర్రాళ్ళు ఆకురాలు కాలం మీద రెండు పద్యాలు రాశారు. షెల్లీ ఇటలీలో కూర్చుని పడమటి గాలి మీద, కీట్స్ ఇంగ్లండులో శరత్తు మీద. నీ సిలబస్‌లో రెండూ ఉన్నాయట. పడమటి గాలి అనగానే నీకేం తడుతుంది? మే నెల మధ్యాహ్నం, మొహం మీద కొలిమి తెరిచినట్టు వడగాలి. మనకి హాయి తూర్పు నుంచి, సముద్రం మీంచి వస్తుంది. వాళ్ళ దేశాల్లో సముద్రం పడమటనుంది, వాన అటునుంచే వస్తుంది. ఈ తిరగమరగ తెలియకపోతే షెల్లీ ఆ గాలిని ఎందుకు పిలుస్తున్నాడో అర్థం కాదు. నిఘంటువు చూసి "ఆటమ్" అంటే శరత్తు అని రాసుకుంటావు, కానీ మన శరత్తులో ఆకులు రాలవు. ఇలాంటిచోట నువ్వు తడబడితే అది తెలివితక్కువతనం కాదు, నీ ఊరు నీకు అడ్డొస్తోంది. ఎక్కడ అడ్డొచ్చిందో మార్జిన్‌లో రాసి పెట్టుకో. మంచి ప్రశ్నలన్నీ అక్కడే పుడతాయి.

కీట్స్ దగ్గరికొస్తే అదే ఊరు నిన్ను చెయ్యిపట్టి నడిపిస్తుంది. ఆయన శరత్తుని మనిషిని చేసి, ధాన్యం కొట్టు నేల మీద కూర్చోబెట్టాడు. తూర్పారబట్టే గాలికి ఆ మనిషి జుట్టు మెల్లగా లేస్తుంది. సగం కోసిన చాలులో కొడవలి పక్కనుండగా నిద్రపోతుంది. ఆ తర్వాత నెత్తిన బరువుతో ఏరు దాటుతుంది, పరిగె ఏరుకునే మనిషిలాగా. గైడులో ఆ మాటకి "కోత అయ్యాక పొలంలో మిగిలిన గింజలను సేకరించు వ్యక్తి" అని బారెడు అర్థం ఇచ్చి ఉంటారు. నీకు పరిగె అనే మాట తెలుసు. సార్వా కోతలయ్యాక మీ నాయనమ్మ పరిగె ఏరుకొచ్చి కొంగులో తెచ్చేది, బోదె దాటేటప్పుడు మెడ నిటారుగా ఎలా పెట్టేదో నేను చూశాను. నీ పక్క సీటు అమ్మాయికి ఫొనెటిక్స్ నీకంటే బాగా వచ్చుండొచ్చు. ఈ పద్యం మాత్రం నువ్వే ఆమెకి చెప్పాలి.

ఛందస్సుకీ భయపడకు. ఉత్పలమాలకి పాదానికి ఇరవై అక్షరాలని టెన్త్‌లో వల్లించావు కదా. వాళ్ళకి ఎక్కువగా కనబడే పాదంలో పది అక్షరాలు, లగం లగం అంటూ అయిదుసార్లు. మనం గురులఘువులు కొలుస్తాం, వాళ్ళు ఊనిక కొలుస్తారు. బల్ల మీద వేలితో కొట్టుకుంటూ చదివితే రెండు రోజుల్లో పట్టుబడుతుంది.

డిసర్టేషన్‌కి టాపిక్ వెతుక్కునే రోజు వస్తే, దూరం పోకు. నువ్వు చదివే రాజమండ్రిలోనే కందుకూరి వీరేశలింగం గారు గోల్డ్‌స్మిత్ 1766 నాటి నవల ఒకటి చదివి, దాని ఛాయ తీసుకుని 1878లో రాజశేఖర చరిత్రం మొదలుపెట్టారు. ఆ తెలుగు నవల మళ్ళీ ఇంగ్లీషులోకి పోయి 1887లో లండన్‌లో అచ్చయింది. నీ నోట్సులో ఎడం పేజీ, కుడి పేజీ, మళ్ళీ ఎడం పేజీ అన్నానే, అచ్చం అదే. మూడూ పక్కపక్కన పెట్టి ఎక్కడెక్కడ ఏది మారిందో చూడు. వీరేశలింగం గారు ఎక్కడ గోల్డ్‌స్మిత్‌ని వదిలేసి మన ఇళ్ళలోకి వచ్చేశారో నాకొక అభిప్రాయం ఉంది కానీ నువ్వు చదివేదాకా చెప్పను.

మీ నాన్నతో ఆత్రేయపురం పూతరేకులు పంపిస్తున్నా. హాస్టల్లో అందరికీ పెట్టు, ఆ కాన్వెంటు పిల్లలకి రెండు ఎక్కువ పెట్టు.

వచ్చే వారం ఇంటికొస్తావు కదా. కీట్స్ పద్యం రెండో భాగం తెలుగు చేసి పట్టుకురా. నాకు చూపించే ముందు మీ నాయనమ్మకి చదివి వినిపించు. ఇప్పుడన్నీ మిషన్ కోతలే, కళ్ళాలు లేవు, తూర్పారబట్టడం నువ్వు చూసి పదేళ్ళయుంటుంది. ఎక్కడ తప్పు రాశావో వదినకి ఇట్టే తెలిసిపోతుంది. ఆవిడ ఏమందో ఉన్నదున్నట్టు నోట్సులో రాసుకో, తిట్టినా సరే.

మీ చిన్నతాతయ్య