క్రోమ్ అప్డేట్ అడిగినప్పుడల్లా చెయ్యాల్నా, చెయ్యకుంటే ఏమైతది?

అడిగినాయన రెండు ముక్కలు అడిగిండు. క్రోమ్‌ల పైన మూలకు అప్డేట్ అని వస్తుంటది గదా, అది ఒత్తకపోతె నిజంగ ఏమన్నయితదా, ఊకె భయపెడ్తరా అని ఒకటి. నా సిస్టంల దొంగలు ఎత్కపోయేటంత ఏమున్నది అని ఇంకోటి. రెండోదానికి ముందు చెప్త. మీ సిస్టంల ఏం లేకపోవచ్చు అన్నా, కని జీమెయిల్ లాగిన్ అయ్యే ఉంటది, ఏ పాస్‌వర్డ్ మర్చిపోయినా మార్చుకునే లింకు ఆ మెయిల్‌కే వస్తది, ఇంటోళ్లందరి ఆధార్, పాన్ స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్స్‌ల పడి ఉంటయి. దొంగకు ఇంకేం గావాలె?

నేను మిర్యాలగూడల సిస్టంలు బాగుచేస్త. మా దిక్కు అంత రైస్ మిల్లులే. ప్రతి మిల్లుకు ఆఫీసుల రెండు మూడు సిస్టంలు, కాటా రూముల ఒకటి ఉంటది, సీజన్‌ల వడ్ల లారీలు రోడ్డు పొడుగూత లైన్ కట్టినప్పుడు ఏ ఒక్కటి ఆగినా నా ఫోన్ మోగుతనె ఉంటది. పోంగనె మొదలు సీపీయూ తెరిచి ఊక దుమ్ము ఊదుత, తర్వాత బ్రౌజర్ మూలకు చూస్త. అక్కడ ఎరుపు కనవడ్డదంటె ఆ ఆఫీసుల ఎవ్వరు క్రోమ్ బంద్ చేస్తలేరని అర్థమైతది.

చానామందికి తెల్వని ముచ్చట ఏందంటె, అప్డేట్ మీరు అడగకముందె లోపల దిగి కూసుంటది. మీరు చెయ్యాల్సిందల్ల క్రోమ్‌ను పూర్తిగ మూసి మళ్ల తెరుసుడు. తెరిచేదాంక పాతదే నడుస్తది. గుర్తు ఆకుపచ్చగ ఉంటె అప్డేట్ వచ్చి రెండు రోజులు గూడ గాలేదని, నారింజ అయితె నాలుగు రోజులైందని, ఎరుపు అయితె వారమో అంతకన్న ఎక్కువో అయిందని లెక్క. మనోళ్లేమో సాయంత్రం మానిటర్ బటన్ ఒత్తి ఇంటికి పోతరు, ల్యాప్‌టాప్ అయితె మూత మూస్తరు, గంతే. నెల దాంక అదే క్రోమ్, అవే ట్యాబులు, ఒక్కో ట్యాబు గోరంత ఉంటది, దాని మీద ఏం రాసి ఉన్నదో దేవునికే తెల్వాలె. మూస్తె అన్నీ పోతయని భయం. పోవు, రీలాంచ్ అనే బటన్ ఒత్తితె మళ్ల అవే వస్తయి. ఇన్‌కాగ్నిటోల, అంటె హిస్టరీ మిగలని కిటికీల తెరిచినయి మాత్రం రావు, సగం నింపిన ఫారం ఉంటె అది గూడ పోవచ్చు, అందుకే కాటా బంద్ అయినంక చెయ్యమని చెప్త.

ఇగ మొదటి ప్రశ్నకు నా జవాబు, చెయ్యాలె, అదీ వచ్చిన రోజే చెయ్యాలె. అప్డేట్‌ల ప్యాచ్, అంటె దొంగలు దూరే రంధ్రాన్ని మూసే మరమ్మత్తు వచ్చిందంటె ప్రమాదం పోయిందని అందరు అనుకుంటరు గని, నన్నడిగితె వేసుకోనోనికి అసలు గండం ఆ రోజే మొదలైతది. ఒకే మేస్త్రి ఊర్ల యాభై ఇండ్లు ఒకే తీరుగ కట్టిండనుకోండి, ఒకాయన తన వెనక గోడల సందు చూసుకొని రాళ్లు పెట్టి మూయించిండు, ఇగ తతిమ్మా ఇండ్లల్ల గూడ అదే జాగల సందు ఉంటదని దొంగకు ఒకరు చెప్పాల్నా? క్రోమ్ లోపలి సరుకు క్రోమియం, అది ఓపెన్ సోర్స్, మార్చిన ప్రతి లైను ఎవడైనా చదువుకోవచ్చు. పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పెట్టుకుంటె రంధ్రం ఎక్కడుండెనో తెలివైనోడు పట్టేస్తడు. గూగులోళ్లకు ఇది ఎరుకే, అందుకే ఎక్కువమంది అప్డేట్ అయ్యేదాంక బగ్గు వివరాలు బయటపెట్టరు. వెనకట కోడ్‌ల మరమ్మత్తు చేసినకాడికెళ్లి అది జనం చేతికి వచ్చేదాంక సుమారు 35 రోజులు పట్టేది, తర్వాత 15 రోజులకు దించిన్రు, 2023 ఆగస్టుల 116 వెర్షన్ నుంచి వారం వారం సెక్యూరిటీ అప్డేట్ ఇస్తున్నరు. వాళ్లు అక్కడ ఒక్కో రోజు కోసుకుంట వస్తుంటె మనం ఇక్కడ మూత మూసి నెల కలుపుతున్నం.

నేను మైక్రోసాఫ్టోళ్ల ఎడ్జ్ బ్రౌజర్ వాడుత నాకేం గాదు అనేటోళ్లు గూడ ఉన్నరు. 2020 జనవరి నుంచి ఎడ్జ్ అదే క్రోమియం మీద ఉన్నది. బ్రేవ్, ఒపెరా అనే బ్రౌజర్లు గూడ ఆ మేస్త్రి ఇండ్లే.

భయపెడ్తున్న అనుకోకుండ్రి, జరిగిందే ఒకటి చెప్త. 2023 సెప్టెంబర్ల వెబ్‌పీ అనే ఫార్మాట్ బొమ్మలను విప్పి చూపించే లైబ్రరీల, అంటె బ్రౌజర్లు వాడుకునే రెడీమేడ్ కోడ్‌ల రంధ్రం దొరికింది. యాపిల్ సెక్యూరిటీ టీమోళ్లు, టొరంటో యూనివర్సిటీల ఉండే సిటిజన్ ల్యాబోళ్లు 6న గూగుల్‌కు చెప్పిన్రు, 11న క్రోమ్‌కు ప్యాచ్ వచ్చింది, తెల్లారి ఫైర్‌ఫాక్స్‌కు వచ్చింది. అప్పటికే దాన్ని వాడుకుంటున్నోళ్లు ఉన్నరని గూగులే ఒప్పుకున్నది. దాంట్ల మీరు ఫైల్ దించాల్సిన పని లేదు, అవును కాదు అని ఏదీ ఒత్తాల్సిన పని లేదు, కావాలని తయారుచేసిన బొమ్మ ఉన్న పేజీ తెరుచుకుంటె చాలు. బొమ్మను విప్పేటప్పుడు దానికి ఇచ్చిన మెమరీ హద్దు దాటి రాస్తది, ఆ దాటిన కాడ దొంగ తనకు కావాల్సింది రాసుకుంటడు. ఫైర్‌ఫాక్స్‌ది క్రోమియం గాదు గదా అంటరేమో, బ్రౌజర్ వేరే గని బొమ్మలు విప్పే ఆ లైబ్రరీ అందరిదీ ఒకటే.

2020ల క్రోమియం ఇంజనీర్లు చెప్పిన లెక్క, పెద్ద పెద్ద సెక్యూరిటీ బగ్గులల్ల సుమారు 70 శాతం ఇసొంటి మెమరీ తప్పులే, అండ్ల సగం వాపస్ ఇచ్చేసిన మెమరీని మళ్ల ముట్టుకునుడుతోని వచ్చేటియి. సీ ప్లస్ ప్లస్‌ల రాసిన లక్షల లైన్ల కోడ్, ఎంత ఏరినా ఒడువది. "ఇంత పెద్ద కంపెనీ గదా, ఒక్కసారే మంచిగ చేసి ఇయ్యరాదా" అని ఒక సేటు నన్ను నిలదీసిండు, నేనేదో అండ్ల వాటాదారున్ని అయినట్టు.

యూట్యూబోళ్ల సంగతి గూడ చెప్పాలె. సర్ట్-ఇన్ అని సైబర్ భద్రత చూసే మన కేంద్రపు సంస్థ ఉన్నది, క్రోమ్‌ల రంధ్రాలు బయటపడ్డప్పుడల్ల అడ్వైజరీ ఇస్తది, ఏ వెర్షన్ల దాంక ఇబ్బంది, ఏం చెయ్యాలె అని సాఫ్‌గ రాస్తది. వీళ్లు దాన్ని పట్టుకొని "క్రోమ్ వాడేవాళ్లకు కేంద్రం హెచ్చరిక" అని ఎర్ర అక్షరాలు పెట్టి పది నిమిషాలు లాగుతరు, పదో నిమిషంల గూడ క్రోమ్ మూసి తెరువుమని చెప్పరు. అది చూసి మా మిల్లోళ్లు క్రోమ్‌ను తీసేసి పేరు తెల్వని బ్రౌజర్ ఏదో ఎక్కించుకుంటరు, దాన్ని తీసుడు మళ్ల నా పనే.

నేను చెప్పాలనుకున్న అసలు ముచ్చట ఇంకోటి ఉన్నది. అద్దంకి రోడ్డు దిక్కు ఒక మిల్లుల అకౌంటెంట్ అన్న ఉన్నడు, టాలీల చెయ్యి తిరిగినోడు, కీబోర్డ్ దిక్కు చూడకుండ ఎంట్రీలు కొడ్తడు. యాసంగి వడ్లు దిగుతున్న రోజులు, ఎండ దంచుతున్నది, మధ్యాహ్నం ఫోన్ చేసిండు. "తమ్మీ, అప్డేట్ అప్డేట్ అని మొత్తుకుంటవు గదా, ఇయ్యాల చేస్తున్న. డౌన్‌లోడ్ అయింది, డబుల్ క్లిక్ చేస్తె అయిపోతది గదా?"

డౌన్‌లోడ్ అన్న మాట ఇనంగనె నాకు చెమట వట్టింది. "అన్నా, మౌస్ మీదికెళ్లి చెయ్యి తియ్యి" అన్న.

"ఏమైందిరా?"

"ముందు చెయ్యి తియ్యన్నా. నేనొచ్చేదాంక ఆ కుర్చీల ఎవ్వర్ని కూసోనియ్యకు."

బండి మీద పోయి చూస్తె, సరుకు లారీల పంపనీకి కావాల్సిన ఈ-వే బిల్లుల దూరం వెయ్యాలని రెండు ఊర్ల మధ్య కిలోమీటర్లు వెతుక్కుంట ఏదో చిన్న ట్రాన్స్‌పోర్ట్ సైటు తెరిచిండట. సైటు అసలుదే, దాంట్ల ఎవడో దూరి తన సరుకు పెట్టి పోయిండు. తెర నిండ తెలుపు, నడుమ క్రోమ్ గుర్తు, కింద మీ బ్రౌజర్ పాతదైందని ఇంగ్లీషుల రెండు లైన్లు, నీలం బటన్. ఎంత నీట్‌గ చేసిండంటె మా ఊరి కాలేజీ సైటు గూడ అంత నీట్‌గ ఉండది. బటన్ ఒత్తితె జిప్ ఫైల్ దిగింది, అన్న దాన్ని విప్పి గూడ పెట్టుకున్నడు. లోపల అప్డేట్ అనే పేరుతోని ఒక్కటే ఫైల్, దాని మీద చుట్ట చుట్టిన కాయితం బొమ్మ. విండోస్ ఫైల్ పేరుకు చివర ఉండే తోకను దాచిపెడ్తది గదా, వ్యూల పోయి ఎక్స్‌టెన్షన్లు కనవడేటట్టు పెట్టిన. డాట్ జేఎస్.

అంటె జావాస్క్రిప్ట్, వెబ్ పేజీలల్ల నడిచే ప్రోగ్రాం కోడ్. అది బ్రౌజర్ లోపల నడిస్తె శాండ్‌బాక్స్ అనే కంచె అడ్డముంటది, మీ ఫైళ్ల దిక్కు పోనియ్యది. అదే ఫైల్‌ను ఫోల్డర్లకెళ్లి డబుల్ క్లిక్ చేస్తె విండోస్ స్క్రిప్ట్ హోస్ట్ అనేది దాన్ని మామూలు ప్రోగ్రాం లెక్కనె నడిపిస్తది, అడ్డం లేదు గిడ్డం లేదు. క్రోమ్‌ల రంధ్రం వెతికే కష్టం గూడ దొంగకు తప్పింది, అన్ననే దగ్గరుండి లోపలికి తీస్కపోతుండె.

నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వనిది ఏందంటె, అదే క్రోమ్‌ల పైన కుడి మూలకు అసలు అప్డేట్ ఎర్రగ ఉన్నది. ఏ రోజు దిగిందో ఏమో, అట్లనె ఉన్నది. "గిదేందన్నా మరి?" అంటె "అది ఎప్పుడు ఉండేదే గదా, దాని గుర్తే అట్ల అనుకున్న" అన్నడు. ఆయన్ని ఏమంటం? అసలుది మూలకు పల్లి గింజంత ఉండె, నకిలీది తెర నిండ ఉండె.

జిప్ తీసేసిన, ఫైల్ తీసేసిన, విండోస్‌ల ఉండే డిఫెండర్ యాంటీవైరస్‌తోని ఫుల్ స్కాన్ పెట్టిన. తర్వాత మూడు చుక్కలు, హెల్ప్, అబౌట్ గూగుల్ క్రోమ్, అక్కడ రీలాంచ్. ఆఫీసు పిలగాడు చాయ్ తెచ్చేలోపల అయిపోయింది, ట్యాబులన్నీ ఎక్కడియి అక్కడ వచ్చినయి, అన్న ఒక్కొక్కటి లెక్కవెట్టుకున్నడు. ఇంకో పని గూడ చేసిన, డాట్ జేఎస్ ఫైళ్లు నోట్‌ప్యాడ్‌లనె తెరుచుకునేటట్టు మార్చిపెట్టిన, రేపు ఇంకెవరన్న డబుల్ క్లిక్ చేసినా అక్షరాలు కనవడుతయి తప్ప ఏం నడువది. అకౌంట్స్ ఆఫీసుల ఉండే ఏ సిస్టంల అయినా ఇది చేసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు.

కాబట్టి అసలు అప్డేట్ ఏ వెబ్ పేజీ లోపలికెళ్లి రాదు, జిప్ దించుకో అనదు. ఫోన్ల అయితె ప్లే స్టోర్‌ల పోయి క్రోమ్‌తోపాటు ఆండ్రాయిడ్ సిస్టం వెబ్‌వ్యూ అని ఉంటది, దాన్ని గూడ చెయ్యుండ్రి, యాపుల లోపల తెరుచుకునే పేజీలు చానావరకు దాని మీదనె నడుస్తయి. ఇప్పటికే నకిలీది ఒత్తేసినోళ్లు ఉంటె ముందు నెట్ తీసేసి, వేరే ఫోన్‌లకెళ్లి పాస్‌వర్డులు మార్చుండ్రి, పైసలు పోతె వెంటనె సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చెయ్యుండ్రి.

మా పని చెడగొట్టేటోళ్లు ఇంకొకరున్నరు, ఆన్‌లైన్ల సంతకం పెట్టనీకి సిస్టంకు గుచ్చే పెన్‌డ్రైవ్ అసొంటి డిజిటల్ సంతకం టోకెన్ అమ్మేటోళ్ల సపోర్టోళ్లు. టోకెన్ పనిచేస్తలేదని ఫోన్ చేస్తె "క్రోమ్ అప్డేట్ అయినందుకే సార్, అప్డేట్ ఆఫ్ చేయించుకోండి" అంటరు. సర్వీసెస్‌ల పోయి గూగుల్ అప్డేట్‌ను డిసేబుల్ చేసి పెట్టిన సిస్టంలు నాకు మస్తు దొరికినయి, ఎవరు చేసిన్రంటె ఎవ్వరు నోరిప్పరు. సాఫ్ట్‌వేర్ మార్చుకోవాల్సింది వాళ్లు, గండం మిల్లోనికి. బ్రౌజర్‌కు అతికించే పాత జావా ప్లగిన్లను 2015ల క్రోమ్ తీసేసినప్పుడు గూడ గిదే లొల్లి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లనె తెరువుండ్రి అని రాసిన సైట్లతోని ఏండ్లు ఎల్లదీసిన్రు, 2022 జూన్ 15న దాన్నే బంద్ వెట్టినంక గని కదల్లే.

ఇగ అప్డేట్ చెయ్యమన్నా చెయ్యనీకి లేనియి విండోస్ 7 సిస్టంలు. దానికి క్రోమ్ 109తోని ఒడిసింది, 2023 ఫిబ్రవరిల వచ్చిన 110 నుంచి విండోస్ 10 ఉండాలె. ఇగమీద అప్డేట్లు రావని పైన పట్టీ చూపిస్తది, దాన్ని ఇంటూ కొట్టి మూసేస్తరు, ఆ తర్వాత ఎరుపు లేదు ఆకుపచ్చ లేదు, "మాది ఏం అడగది, మంచిగున్నది" అని సంబురపడ్తరు. ఫైర్‌ఫాక్సోళ్లు 115 ఈఎస్‌ఆర్ అనే ఎక్కువ కాలం నడిపే వెర్షన్‌కు ప్యాచ్‌లు పొడిగించుకుంట వచ్చిన్రు, అది గూడ ఎన్నాళ్లో నడిచేది గాదు. ఒక మిల్లు కాటా రూముల ఇసొంటిదే ఉన్నది, కొత్తది తీసుకోమంటె సేటు "తూకం చూపిస్తలేదా?" అంటడు. చూపిస్తది, దానికేం రోగం. కొత్త కారు కొన్నడు గని కొత్త సీపీయూ అంటె చేతులు రావు. కాటా సాఫ్ట్‌వేర్‌కు నెట్‌తోని పని లేదు, తూకం, స్లిప్ ప్రింటు గంతే. అందుకని నెట్ వైరు పీకేసి వైఫై డాంగిల్ జేబుల ఏసుకొని వచ్చిన. సేటు ఏమనలే గని, లైన్‌ల ఆగినప్పుడు పాటలు వస్తలేవని లారీ డ్రైవర్లు ఇంకా నన్నే తిడుతున్నరంట.