చిన్నాకి, మీ స్కూల్ దరఖాస్తు గురించి

చి॥ చిన్నాకి, మీ అత్తయ్య దీవించి రాయునది.

మీ ఊళ్లో హిందూ ప్రైమరీ స్కూల్ పెట్టే ట్రస్టులో నువ్వు చేరావని, పాత ఆఫీసు భవనం ఒకటి చూశారని, దాన్ని స్కూలుగా మార్చడానికి ఊరి కౌన్సిల్ అనుమతి అడిగే ప్లానింగ్ దరఖాస్తు పని నీ మీదే పడిందని మొన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఫోన్ పెట్టేశాక మీ మామయ్య ఫోటో దగ్గర కాసేపు కూర్చున్నాను. ఉంటే ఎంత సంబరపడేవారో! ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది మరి. వీధిలో కిటికీలకు అభ్యంతరం పోస్టర్లు అంటించారట, అవి చూసి నువ్వు "వీళ్లెవరికీ మనమంటే పడదు" అన్నావట. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

చేయాల్సిన పనులు నీకు తెలిసే ఉంటాయి. దరఖాస్తు వేసేలోపే కౌన్సిల్ అధికారి సలహా తీసుకో. మంచి ప్లానింగ్ కన్సల్టెంట్‌ని పెట్టుకో, ఆ డబ్బు దండగ అనుకోకు. ఇక్కడ ఇంగ్లండ్‌లో పెద్ద దరఖాస్తులకు ఇన్ని వారాలని గడువు చెబుతారు గానీ, దాన్ని నమ్ముకుని సెప్టెంబర్‌లో తెరుస్తామని తల్లిదండ్రులకు మాట ఇచ్చేయకు. కాదంటే అప్పీలుకు వెళ్లడానికి ఆరు నెలలు టైముంటుంది. ఇవి కాగితాల పనులు, జరిగిపోతాయి.

నా భయమంతా రోడ్డు గురించే. 26 ఏళ్లు ప్రైమరీ స్కూల్లో చెప్పాను, ఎన్ని సాయంత్రాలు గేటు దగ్గర నిలబడ్డానో లెక్కలేదు. ఒకరోజు ఆరేళ్ల పిల్లాడు అమ్మ కనబడిందని రెండు కార్ల సందులోంచి రోడ్డు మీదికి ఉరికాడు. కోటు కాలర్ నా చేతికి అందింది కాబట్టి సరిపోయింది. ఇప్పటికీ కలలోకి వస్తాడు. మీది రెండు సెక్షన్ల స్కూలట. అంటే తరగతికి 60 మంది చొప్పున ఏడు తరగతులకు 420 మంది పిల్లలు. మామూలు స్కూలుకైతే చుట్టుపక్కల పిల్లలు నడిచి వస్తారు. మన స్కూలుకి ఎక్కడెక్కడి నుంచో వస్తారు, కార్లలోనే వస్తారు. సగం మంది అలా వచ్చినా ఒక పావుగంటలో రెండు వందల కార్లు ఆ వీధిలోకి దూరాలి. అందుకే పిల్లల రాకపోకలు ఎలా సాగుతాయో చెప్పే ట్రావెల్ ప్లాన్ అంటే కౌన్సిల్ అడిగింది కాబట్టి ఏదో రాసిచ్చే కాగితం అనుకోకు. బస్సు ఎక్కడ ఆగుతుందో, తరగతులు వేర్వేరు టైములకు వదులుతారో లేదో, గేటు దగ్గర ఎవరు నిలబడతారో అన్నీ అందులో ఉండాలి.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1998లో, మేమింకా లండన్‌లో ఈ హ్యారోకి రాకముందు, మూతపడ్డ ఒక క్లబ్బు భవనాన్ని మనవాళ్లంతా చందాలేసుకుని తీసుకున్నాం. శనివారాలు పిల్లలకు తెలుగు క్లాసులు, ఆదివారాలు భజన అనుకున్నాం. అనుమతి కోసం దరఖాస్తు వేశాం. అది తేలకముందే ఆగలేక ఒక శనివారం అక్కడ దీపావళి చేశాం. తర్వాతి వారం మా లెటర్ బాక్సులో చేత్తో రాసిన ఉత్తరం పడింది. ఆ వీధిలో ఉండే పెద్దావిడ రాసింది. మొదటి రెండు లైన్లలో మీ కార్లు, మీ హారన్లు అని ఉంది. అంతవరకే చదివి, మనల్ని తిడుతూ వచ్చిన ఉత్తరాలన్నీ పెట్టే ఫైల్లో దాన్నీ పడేశాను. ఆ ఫైల్లో నిజంగానే ఘోరమైనవి ఉన్నాయి. మీ దేశానికి పొండి అని సంతకం లేకుండా రాసినవి. ఆమె సంతకం పెట్టింది, ఇంటి నంబర్ కూడా రాసింది. ఆ తేడా నా కంటికి ఆనలేదు.

కౌన్సిల్ ప్లానింగ్ కమిటీ మీటింగ్‌లో మాట్లాడడానికి నాకు మూడు నిమిషాలు ఇచ్చారు. నాకంటే ముందు ఆవిడ లేచి పార్కింగ్ గురించి మెల్లగా చెప్పింది. నేను లేచి, పార్కింగ్ అనేది సాకు, మా రంగు అసలు కారణం అన్నాను. మనవాళ్లంతా చప్పట్లు కొట్టారు. నా మూడు నిమిషాల్లో కార్లు ఎక్కడ పెడతామో ఒక్క ముక్క చెప్పలేదు. అనుమతి రాలేదు. కారణం పార్కింగ్ అని రాశారు. బయట వరండాలో ఆవిడ నా దగ్గరికి వచ్చి, "నేను మీకు ఉత్తరం రాశాను కదా" అని మాత్రం అంది.

ఇంటికెళ్లి ఫైల్ తీసి ఈసారి కింది వరకు చదివాను. ఆవిడ భర్తకి డయాలసిస్. శనివారాలు పొద్దున హాస్పిటల్ వ్యాన్ వస్తుంది. మన దీపావళి రోజున వ్యాన్ ఇంటిదాకా రాలేక, డ్రైవర్ ఆయన్ని చక్రాల కుర్చీలో వానలో వీధి చివరి దాకా తోసుకెళ్లాడు. శనివారం పొద్దున తమ గేటు ముందు ఖాళీ వదిలితే చాలు, హాలుకు తనకేమీ అభ్యంతరం లేదని రాసింది. ఆవిడ గుమ్మం దాకా వెళ్లడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. వెళ్లేసరికి ఇంటి ముందు అమ్మకం బోర్డు ఉంది.

అందుకే చెబుతున్నాను నాన్నా, వచ్చిన ప్రతి ఉత్తరం ఆఖరి లైను వరకు చదువు. ద్వేషంతో రాసేవాళ్లు ఉండరని అనను. ఉంటారు, వాటిని ఒక్కడివే రాత్రిపూట చదువుకుంటూ కూర్చోకు, నాకు పంపు. మతం నచ్చలేదన్నా, ఇంటి ధర పడిపోతుందన్నా ప్లానింగ్‌లో అవి లెక్కకు రావు. కార్లు, చప్పుడు, మన కిటికీలోంచి పక్కవాళ్ల ఇల్లు కనబడడం లెక్కకు వస్తాయి. వాటికి జవాబు నీ దగ్గర ఉండాలి. లండన్ దగ్గరి కృష్ణుడి గుడి భక్తివేదాంత మేనర్‌కి జనం పూజలకు రాకూడదన్న గొడవ ఎన్నేళ్లు నడిచిందో మీ నాన్నని అడుగు. ఆ గుడి కోసం 1994లో లండన్‌లో వేలమంది ఊరేగింపు తీశారు. 1996లో అనుమతి వచ్చింది, అదీ ఊరి మధ్యలోంచి కాకుండా వేరే రోడ్డు వేసుకోవడం మీద. ఇక్కడ హ్యారోలో 2008లో కృష్ణ అవంతి తెరిచారు, ప్రభుత్వ నిధులతో నడిచే మొదటి హిందూ స్కూలు. దానికీ మైదానం గురించి, ట్రాఫిక్ గురించి అభ్యంతరాలు వచ్చాయి. ఇప్పుడు అక్కడ చదివే పిల్లల్ని చూస్తే నాకు కడుపు నిండిపోతుంది. మీదీ అలా నిలబడాలి.

ఇంకోటి. మీ వాళ్లతో ఒకే ఉత్తరం అచ్చుకొట్టించి వందమంది చేత సంతకాలు పెట్టించకు. మేం అదీ చేశాం. పది మంది తమ మాటల్లో రాసినా దానికే విలువ. ఫ్రీ స్కూల్ పద్ధతిలో, అంటే ప్రభుత్వ డబ్బుతో ట్రస్టే నడిపే స్కూలుగా పెడుతున్నట్టయితే, దరఖాస్తులు ఎక్కువైనప్పుడు సగం సీట్లు మతంతో సంబంధం లేకుండా ఇవ్వాలి. ఆ సంగతి వీధిలో వాళ్లకి నువ్వే వెళ్లి చెప్పు. పోస్టర్ ఉన్న ఇళ్లకే ముందు వెళ్లు. కరపత్రం లోపల పడేసి వచ్చేయకు, తలుపు తీసేదాకా ఆగు. మా స్కూలు వస్తే పొద్దునపూట మీకేం ఇబ్బంది అవుతుంది అని అడుగు.

భోజనం మానేసి తిరగకు. మీ అమ్మ చెప్పింది, చిక్కిపోయావట. ఆదివారం సాయంత్రం రైలుకి వస్తాను, గోంగూర పచ్చడి తెస్తాను. సోమవారం పొద్దున ఎనిమిదింటికల్లా ఆ వీధి చివర నిలబడి ఇద్దరం కార్లు లెక్కపెడదాం. నాకు మడతకుర్చీ ఒకటి చూసి ఉంచు.

మీ అత్తయ్య