అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌లో ఫ్యాన్స్ చెప్పే మాటలు ఎంతవరకు నమ్మొచ్చు? ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) ఫ్యాన్స్‌కీ కాలేజీ ఫ్యాన్స్‌కీ తేడా ఏంటి?

కొత్తగా అమెరికా వచ్చానని, సోమవారం పొద్దున ఆఫీసులో అందరూ ఫుట్‌బాల్ గురించే వాదించుకుంటుంటే ఎవరి మాట నమ్మాలో అర్థం కావడం లేదని రాశారు. ఆ అవస్థ నేనూ పడ్డాను. పడ్డవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

మాది ఖమ్మం. మిషిగన్‌లో కాంటన్ అనే ఊళ్లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాం. కారెక్కితే పడమటికి ఇరవై నిమిషాల్లో ఆన్ ఆర్బర్, తూర్పుకి అరగంటలో డెట్రాయిట్. అంటే శనివారం మిషిగన్ యూనివర్సిటీ పిచ్చి, ఆదివారం డెట్రాయిట్ ఎన్ఎఫ్ఎల్ టీమ్ లయన్స్ పిచ్చి, రెండూ మా వీధిలోనే. పక్కింటి పెద్దాయనకి డెబ్బై దాటాయి, కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు, లయన్స్ అంటే ప్రాణం. ఇంకొకడు నా ఫ్రెండు, విజయవాడవాడు. మిషిగన్‌కి బద్ధశత్రువైన ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో, కొలంబస్‌లో ఎంఎస్ చేసి, ఖర్మ కాలి శత్రువుల రాష్ట్రంలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. నాకొచ్చిన నాలుగు ముక్కలూ వీళ్లిద్దరి దగ్గర నేర్చుకున్నవే.

నా లెక్క ఇది. ఎన్ఎఫ్ఎల్‌లో ఫ్యాన్ ఎంత అరిచినా పాయింట్ల పట్టిక మారదు. పదిహేడు మ్యాచ్‌లు, ఎన్ని గెలిచావు, ఎన్ని ఓడావు, అంతే. అందుకే అక్కడ అభిప్రాయానికి ఖరీదు లేదు, ఎవరి నోటికొచ్చింది వాళ్లు అనొచ్చు. కాలేజీలో అలా కాదు. అక్కడ ఎవరు గొప్ప అన్న అభిప్రాయమే కొన్నిసార్లు ఫలితం అవుతుంది. దాని సంగతి తర్వాత చెప్తాను, ముందు లయన్స్.

2023 సీజన్ సెప్టెంబర్ 7న మొదలైంది. మొదటి మ్యాచే ముందటి ఏడాది ఛాంపియన్లు కాన్సాస్ సిటీ మీద, వాళ్ల గడ్డ మీద. ఆట తెలియనివాళ్లకి ఒక్క ముక్క: నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు ముందుకెళ్లాలి. మూడు అయిపోయి ఇంకా దూరం మిగిలిందంటే మామూలుగా ఎవరైనా బంతిని దూరంగా తన్నేసి అవతలివాళ్లకి ఇచ్చేస్తారు. దాన్నే పంట్ అంటారు. లయన్స్ కోచ్ డాన్ క్యాంప్‌బెల్ ఆ రోజు తన సొంత 17 యార్డుల గీత దగ్గర పంట్ కొట్టబోతున్నట్టు నటింపజేసి, బంతి నేరుగా తన ఆటగాడు జేలెన్ రీవ్స్-మేబిన్ చేతికి ఇప్పించాడు. కావలసిన దూరం వచ్చింది, అంటే ఫస్ట్ డౌన్, మళ్లీ నాలుగు ప్రయత్నాలు. అక్కణ్ణుంచి టచ్‌డౌన్ దాకా, అంటే అవతలి చివరి గీత దాటేదాకా వెళ్లారు. మ్యాచ్ 21-20తో గెలిచారు. మర్నాడు మా ఆఫీసులో క్యాంప్‌బెల్ ఒక చాణక్యుడు.

ఇప్పుడు నవంబర్ 23, థాంక్స్‌గివింగ్ రోజు. డెట్రాయిట్‌లో ఆ రోజు లయన్స్ ఆడటం 1934 నుంచి ఉన్న ఆచారం. గ్రీన్ బే మీద మ్యాచ్. సొంత 23 దగ్గర మళ్లీ అదే దొంగ పంట్, మళ్లీ అదే రీవ్స్-మేబిన్. ఈసారి పట్టేసుకున్నారు. 29-22తో ఓడారు. సెప్టెంబర్‌లో చాణక్యుడు అన్న నోళ్లే "వీడికి బుర్ర లేదు" అన్నాయి. ఎత్తు అదే, మనిషి అదే, కోచ్ అదే. మారింది ఫలితం ఒక్కటే.

నేను కిందపడి నవ్వేవాణ్ణే కానీ, ఆ వారం నాకూ మొహం చెల్లలేదు. ఎందుకంటే సరిగ్గా నాలుగు రోజుల ముందు, నవంబర్ 19 తెల్లవారుజామున మూడున్నరకి లేచి, దుప్పటి కప్పుకుని అహ్మదాబాద్‌లో వరల్డ్ కప్ ఫైనల్ చూశాను. వరసగా పది మ్యాచ్‌లు గెలిచిన మనవాళ్లు ఆస్ట్రేలియా చేతిలో ఓడారు. ఆ పది మ్యాచ్‌ల్లో ఒక్కసారి కూడా తప్పు పట్టని నేను, పదకొండోది ఓడగానే పిచ్ దగ్గర్నుంచి బ్యాటింగ్ ఆర్డర్ దాకా అన్నిటికీ వంక పెట్టాను. అదే మధ్యాహ్నం లయన్స్ షికాగో మీద పన్నెండు పాయింట్లు వెనకబడి, చివరి నాలుగు నిమిషాల్లో లేచి 31-26తో గెలిచారు. పొద్దున ఏడ్చినవాణ్ణి మధ్యాహ్నం ఎగిరాను. రెండూ ఒకే సోఫాలో. అలాంటివాడి క్రికెట్ విశ్లేషణ మీరు నమ్ముతారా? ఫుట్‌బాల్‌కీ అంతే.

ఇక జేర్డ్ గాఫ్ సంగతి. 2021లో లయన్స్ తమ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేస్తూ ఆట నడిపేవాడు) మాథ్యూ స్టాఫర్డ్‌ని లాస్ ఏంజెలిస్ రామ్స్‌కి ఇచ్చేసి, బదులుగా డ్రాఫ్ట్ పిక్‌లతోపాటు, అంటే కొత్త ఆటగాళ్లని ఎంచుకునే వంతులతోపాటు, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ గాఫ్‌ని తెచ్చుకున్నారు. ఇక్కడివాళ్ల దృష్టిలో అతను కూరగాయలతోపాటు వేసిన కరివేపాకు. పైగా స్టాఫర్డ్ వెళ్లిన ఏడాదే సూపర్ బౌల్, అంటే ఎన్ఎఫ్ఎల్ ఫైనల్, గెలిచాడు. 2022లో లయన్స్ మొదటి ఏడు మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచినప్పుడు గాఫ్‌ని, క్యాంప్‌బెల్‌ని ఇద్దర్నీ తీసేయమన్నవాళ్లు మా ఫ్లోర్‌లోనే అరడజను మంది. 2024 జనవరి 14న అదే స్టాఫర్డ్ ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్‌కి డెట్రాయిట్ వచ్చాడు. లయన్స్ 24-23తో గెలిచారు. అది 1991 సీజన్ తర్వాత వాళ్ల మొదటి ప్లేఆఫ్ గెలుపు. స్టేడియం మొత్తం "జే-రెడ్ గాఫ్" అని పాట పాడినట్టు అరిచింది. ఆ అరడజనులో ఇద్దరు ఆ స్టేడియంలోనే ఉన్నారు, ఫోటోలు పెట్టారు.

పక్కింటాయన మాత్రం అరవలేదు. ఆయన సంగతి వేరు. 2008లో పదహారుకి పదహారూ ఓడిన సీజన్‌లో కూడా టీవీ ముందు కూర్చున్న మనిషి. 2024 జనవరి 28 సాయంత్రం, శాన్‌ఫ్రాన్సిస్కో మీద సెమీస్ లాంటి మ్యాచ్, గెలిస్తే లయన్స్ చరిత్రలోనే మొదటి సూపర్ బౌల్. ఆయన బేస్‌మెంట్‌లో పదిమందిమి చేరాం. నేను మిర్చి బజ్జీలు పట్టుకెళ్లాను. హాఫ్ టైమ్‌కి లయన్స్ 24-7 ముందంజ. కుర్రాళ్లు అప్పుడే లాస్ వేగస్‌కి ఫ్లయిట్ రేట్లు చూస్తున్నారు. ఈయన బజ్జీ కొరికి, ప్లేట్‌లో పెట్టేసి, "ఇరవై నాలుగు, ఏడు" అన్నాడు, తనలో తనే. మా ఇంగ్లీషు మాటల్ని తెలుగులో చెప్తున్నాను. "1957లో కూడా ఇదే స్కోరు. ఇదే టీమ్ మీద. అప్పుడు వెనకబడింది మేము."

తర్వాత వెతికి చూశాను, నిజమే. 1957 డిసెంబర్ 22న శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్లేఆఫ్, హాఫ్ టైమ్‌కి లయన్స్ 7-24 వెనక. అక్కణ్ణుంచి లేచి 31-27తో గెలిచారు, సరిగ్గా వారానికి క్లీవ్‌లాండ్‌ని 59-14తో చితక్కొట్టి ఛాంపియన్లయ్యారు. ఆ తర్వాత ఇప్పటిదాకా మరో టైటిల్ లేదు. ఆయన అప్పుడు చిన్నపిల్లాడు, వాళ్ల నాన్న రేడియో దగ్గర కూర్చోబెట్టి వినిపించాడట.

సెకండ్ హాఫ్‌లో ఏం జరిగిందో దేశమంతా చూసింది. 24-10 ఉన్నప్పుడు, అవతలి 28 యార్డుల గీత దగ్గర, నాలుగో ప్రయత్నం, రెండు యార్డులు కావాలి. బంతిని స్తంభాల మధ్యకి తన్ని ఫీల్డ్ గోల్ కొడితే మూడు పాయింట్లు. క్యాంప్‌బెల్ కొట్టలేదు, ముందుకే వెళ్లాడు. పాస్ జాష్ రేనాల్డ్స్ చేతుల్లోకి వచ్చి జారిపోయింది. కాసేపటికే శాన్‌ఫ్రాన్సిస్కో వేసిన పొడుగాటి పాస్ మన డిఫెండర్ కిండల్ విల్డర్ హెల్మెట్‌కి తగిలి పైకెగిరి వాళ్ల ఆటగాడు అయ్యుక్ చేతిలో పడింది. మా బేస్‌మెంట్‌లో టీవీ చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. నాలుగో క్వార్టర్‌లో 24-27 దగ్గర మళ్లీ ఫీల్డ్ గోల్ వదిలేసి ముందుకెళ్లారు, మళ్లీ దెబ్బతిన్నారు. 34-31.

సోమవారం ఆఫీసులో మీరు చెప్పినట్టే. ప్రతి ఒక్కడూ కోచే. "మూడు పాయింట్లు తీసుకుని ఉంటే" అని. నాకు అనిపించేదేంటంటే, రేనాల్డ్స్ ఆ బంతి పట్టి ఉంటే అదే నిర్ణయానికి గుడి కట్టేవాళ్లు. అంతకుముందు నవంబర్‌లోనే లాస్ ఏంజెలిస్ ఛార్జర్స్ మీద, 38-38 దగ్గర, ఇలాంటి నాలుగో ప్రయత్నమే చేసి తన ఆటగాడు లపోర్టాకి పాస్ వేయించి, 41-38తో గెలిచినప్పుడు వంద నోళ్లు పొగిడాయి. మొదటిదాని విషయంలో నేను ఇప్పటికీ క్యాంప్‌బెల్ పక్షమే. రెండోసారి మాత్రం తన్నించి ఉండాల్సింది, స్కోరు సమం అయ్యేది. ఇది కూడా ఫ్యాన్ మాటే, నమ్మక్కర్లేదు.

సరే, కాలేజీ. ఆన్ ఆర్బర్ స్టేడియంలో 1,07,601 సీట్లు. సీటంటే కుర్చీ అనుకునేరు. పొడుగాటి బెంచి మీద నంబర్లు రాసుంటాయి, రెండు నంబర్ల మధ్య మన ఆర్టీసీ బస్సులో ముగ్గురు కూర్చునే సీటంత దయ. 2023 నవంబర్ 4న పర్డ్యూ మీద రాత్రి మ్యాచ్‌కి వెళ్లాను. చలికి కాళ్లు గడ్డకడుతుంటే పక్కనున్న ఒక అమ్మమ్మ తన అట్టపెట్టె ముక్క చింపి సగం నాకిచ్చింది, కాళ్ల కింద వేసుకోమని. సిమెంట్ చలి బూట్లలోంచి ఎక్కకుండా ఉంటుందట. నిజంగానే పనిచేసింది. ఎన్ఎఫ్ఎల్‌కి లేనిది ఇదే. ఆవిడ, ఆవిడ కూతురు, మనవడు ముగ్గురూ అక్కడే చదివారు. ఓనరు మారితే, క్వార్టర్‌బ్యాక్ వెళ్లిపోతే వదిలేసే టీమ్ కాదది, ఇంటిపేరు లాంటిది.

అందుకే తప్పు ఒప్పుకోరు కూడా. ఆ రోజుల్లోనే మిషిగన్ మీద, ఏ ఎత్తు ఆడాలో అవతలి కోచ్‌లు చెప్పే సైగలు దొంగిలించారన్న గొడవ నడుస్తోంది. ఎన్ఎఫ్ఎల్‌లో 1994 నుంచి క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోనే రేడియో ఉంది. కాలేజీలో అప్పటికి లేదు, పక్కనుంచి చేతులతో, బొమ్మల అట్టలతో సైగలు చేసేవాళ్లు. మైదానంలో ఎదురుగా చూసి పసిగడితే తప్పు లేదు. ముందే అవతలివాళ్ల వేరే మ్యాచ్‌లకి మనుషుల్ని పంపి చూడటం నిషేధం. ఆ ఆరోపణ మీదే మిషిగన్ ఆడే కాలేజీ లీగ్ బిగ్ టెన్ వాళ్లు మిషిగన్ కోచ్ జిమ్ హార్బాని రెగ్యులర్ సీజన్ చివరి మూడు మ్యాచ్‌లకి పక్కన పెట్టారు. నా వెనక వరసలో ఒకాయన "అందరూ చేసేదేగా" అని మ్యాచ్ పొడుగునా వాదించాడు. మా విజయవాడవాడైతే "కప్పు దొంగలు" అని వాట్సాప్ గ్రూప్ పేరే మార్చేశాడు. హార్బా లేకుండానే నవంబర్ 25న మిషిగన్ ఒహాయో స్టేట్‌ని 30-24తో ఓడించింది. గ్రూప్ పేరు నేను మళ్లీ మార్చాను.

అసలు చెప్పాలనుకున్నది ఫ్లోరిడా స్టేట్ గురించి. ఆ ఏడాది ప్లేఆఫ్‌కి నాలుగే టీమ్‌లు, ఎంచేది పదమూడు మంది కమిటీ. ఫ్లోరిడా స్టేట్ పదమూడుకి పదమూడూ గెలిచి తన కాన్ఫరెన్స్ (కాలేజీ లీగ్) ఛాంపియన్ అయింది. కానీ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ నవంబర్‌లో కాలు విరగ్గొట్టుకున్నాడు. డిసెంబర్ 3న కమిటీ వాళ్లని అయిదో స్థానంలో పెట్టి, ఒక మ్యాచ్ ఓడిన అలబామాని లోపలికి తీసుకుంది. ట్రావిస్ లేకుండా వీళ్లు అంత బలంగా లేరన్నది వాళ్ల లెక్క. ఓ కుర్రాడి కాలు విరిగితే మిగతా టీమ్ గెలుపులకి విలువ తగ్గిందన్నమాట. తర్వాత ఆరెంజ్ బౌల్ అనే మ్యాచ్‌లో జార్జియా చేతిలో 63-3తో ఓడినప్పుడు "చూశారా, కమిటీ కరెక్టే" అన్నారు. అప్పటికి టీమ్‌లో చాలామంది ఆడమని వెళ్లిపోయారు, అది మాత్రం ఎవరూ చెప్పరు.

మిషిగన్ ఆ అలబామానే 27-20తో, తర్వాత వాషింగ్టన్‌ని 34-13తో ఓడించి ఛాంపియన్ అయింది కాబట్టి మా వీధిలో ఎవరికీ ఆ అన్యాయం పట్టలేదు. నాక్కూడా అప్పుడు పట్టలేదు, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను కాబట్టి ధర్మం మాట్లాడుతున్నాను. 2024 నుంచి ప్లేఆఫ్‌కి పన్నెండు టీమ్‌లు. గొడవ తగ్గలేదు, నాలుగైదు స్థానాల దగ్గర ఉండేది ఇంకా కింది స్థానాల దగ్గరికి జరిగింది.

మీరు ఆఫీసులో ఎవరి మాటైనా వినేటప్పుడు, అతను ఏ కాలేజీ, ఏ ఊరు అని అడగండి. కాలేజీ అయితే అదనంగా, కమిటీ లిస్టు వచ్చే ముందు అన్నాడా, వచ్చాక అన్నాడా అని కూడా. ఇంకోటి, వీలైతే రికార్డు చేసి పెట్టుకోండి. ఇది అనుభవం మీద చెప్తున్నాను.

2024 నవంబర్ 30న కొలంబస్‌లో, ర్యాంకే లేని మిషిగన్ 13-10తో ఒహాయో స్టేట్‌ని ఓడించింది, వరసగా నాలుగో ఏడాది. ఆ రాత్రి మా విజయవాడవాడు నాకు వాయిస్ మెసేజ్ పంపాడు, రెండున్నర నిమిషాలు. "మామా, ఈ ర్యాన్ డేని ఇవాళే తీసేయాలి, రేపు కాదు, ఇవాళే" అని. డే వాళ్ల కోచ్. పన్నెండు టీమ్‌ల పద్ధతి పుణ్యమా అని వాళ్లు ఎనిమిదో సీడ్‌గా లోపలికొచ్చి, జనవరి 20న నోట్రడామ్‌ని 34-23తో ఓడించి ఛాంపియన్లయ్యారు. మర్నాడు ఎర్ర టోపీ పెట్టుకుని, కాజా డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ర్యాన్ డే లాంటి కోచ్ దేశంలోనే లేడని మొదలెట్టాడు. నేనేం మాట్లాడకుండా ఫోన్ తీసి ఆ మెసేజ్ పెట్టాను. మొత్తం విన్నాడు, మా ఆవిడ ముందే.

"అది నా గొంతు కాదు మామా" అన్నాడు, ఇంకో కాజా తీసుకుంటూ.