ఆండ్రీనా తేనెటీగకీ, చర్మం మీది బ్యాక్టీరియాకీ పోలికా? ఉంది మరి

నేలలో బొరియలు తవ్వే ఆండ్రీనా తేనెటీగను, మన చర్మం మీద బతికే స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్‌ను పోల్చగలమా అని అడిగారు. ఒకటి సెంటీమీటరు, ఇంకోటి మిల్లీమీటరులో వెయ్యో వంతు, ఒకటి గుడ్డు పెడితే ఇంకోటి తనే రెండుగా చీలిపోతుంది. ఈ తేడాలన్నీ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. నన్నడిగితే అసలు పోలిక ఒక్కటే: రెండూ వాటి పాటికి అవి ఉంటాయి, మనమే మందు పట్టుకుని వాటి జోలికి పోతాం.

దేవరకొండ దగ్గర మా పెరట్లో, వంకాయ మడి పక్క ఎర్రమట్టిలో, పోయిన వానాకాలం పెన్సిల్ పట్టేంత బొక్కలు పడ్డాయి. ఆండ్రీనా కాదు, అలాగే నేలలో గూడు పెట్టే నీలి చారల ఆమెగిల్లా. మా చిన్నాయన చూసి పత్తికి కొట్టే పంపు భుజానేసుకుని వచ్చాడు.

"ఈగల తుట్టెరా ఇది, మందు కొట్టాలె."

"తుట్టె కాదు చిన్నాయనా, ఒక్కో బొక్క ఒక్కో ఆడ ఈగది. చేత్తో నలిపితే తప్ప కుట్టదు."

వినడే! చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. కాసేపటికి ఒకటి వెనక కాళ్ల నిండా పచ్చటి పుప్పొడితో వచ్చి, బొక్క ముందు గాలిలో అటూ ఇటూ ఊగి, టక్కున లోపలికి దూరింది. ఆ మేత పిల్ల కోసం. గుడ్డు పెట్టి ఆ గూడు గది మూసేస్తుంది, అంతే. రాణి లేదు, కూలీలు లేరు, కాపలా కాయడానికి తేనె లేదు, ఇంక ఎవరిని కుట్టాలి? వంకాయ పువ్వును పట్టుకుని జుయ్యిమని వణికించి పుప్పొడి రాల్చేది ఇదే, మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు అన్నాక పంపు దించాడు. వంకాయ అంటే ఆయనకు ప్రాణం.

ఎపిడెర్మిడిస్ కూడా అంతే. చెమటనూ ఉప్పునూ తట్టుకుని చర్మం మీద కాలం గడుపుతుంది, కొన్ని రకాలైతే పుండ్లు చేసే ఆరియస్ అనే ఇంకో బ్యాక్టీరియాను అడ్డుకుంటాయి కూడా. కాకపోతే ఒంట్లోకి పెట్టే గొట్టం, అదే క్యాథెటర్ మీదో, మార్పిడి చేసిన కీలు మీదో చేరిందంటే గుంపుగా బంక పొర కట్టుకుని కూర్చుంటుంది, యాంటీబయాటిక్స్‌కు ఒక పట్టాన లొంగదు. ఆపరేషన్‌కు ముందు చర్మానికి అంత మందు పూసేది అందుకే. తేనెటీగకు ఆ రెండో ముఖం లేదు.

బ్యాక్టీరియాకున్న ఆ రెండో ముఖాన్ని సాకుగా పెట్టుకుని టీవీలో పొద్దస్తమానం క్రిములు చంపండి, చంపండి అని ఒకటే గోల. ఇంకో జబ్బు ఈ సిమెంటు పిచ్చి. మట్టి కనబడితే చాలు, బురద అవుతుందని పెరడంతా పోయించేస్తారు, ఇంక ఈగ బొక్క తవ్వేదెక్కడ? మళ్లీ వాళ్లే కుండీలో వంకాయ పూత నిలవట్లేదని ఎరువుల దుకాణానికి పోయి టానిక్ కొనుక్కొస్తారు!